బూ ఝొంగ్ యీ చీ తాంగ్: ఏడాది వాడాక

చీనా వైద్యంలో ‘చీ’ (ఒంటిని నడిపే జీవశక్తి అని వాళ్ల భావన) తగ్గింది అంటే ఒట్టి నీరసం అని కాదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, నోరు విప్పి మాట్లాడాలన్నా బద్ధకం, అన్నం తినగానే మగత, పలచటి విరేచనం, పాలిపోయిన నాలుక అంచున పళ్ల గుర్తులు, బలహీనమైన నాడి. ఇవన్నీ కలిసి కనబడితేనే బూ ఝొంగ్ యీ చీ తాంగ్ అనే ఈ కషాయం. 13వ శతాబ్దంలో లీ దొంగ్‌యువాన్ అనే చీనా వైద్యుడు దీన్ని కూర్చాడు.

నేటి చీనా పాఠ్యపుస్తకాల్లో రోజు పొట్లం ఇలా ఉంటుంది: హువాంగ్ చీ (ఆస్ట్రగలస్ వేరు) 18 గ్రాములు, బై ఝూ (అట్రాక్టిలోడిస్ దుంప) 9, వేయించిన అతిమధురం 9, జిన్సెంగ్ 6, ఎండు కమలా తొక్క 6, షెంగ్ మా (సిమిసిఫ్యూగా దుంప) 6, చాయ్ హూ (బూప్లూరమ్ వేరు) 6, దాంగ్ గుయ్ (చీనా ఏంజెలికా వేరు) 3. హువాంగ్ చీ తేనెలో వేయించినదే కావాలి. పచ్చిది చెమటకూ వాపుకూ వాడేది. జిన్సెంగ్ ఖరీదు అనిపిస్తే దాంగ్ షెన్ (కొడొనాప్సిస్ వేరు) వేస్తారు, కానీ అది మెతక మందు, రెట్టింపు పడాలి.

మట్టికుండలో దినుసులు మునిగి పైన రెండు వేళ్లు నిలిచేలా నీళ్లు పోసి అరగంట నానబెట్టండి. పొంగాక సన్న సెగ మీద 40 నిమిషాలు. వడకట్టి, మళ్లీ నీళ్లు పోసి రెండోసారి కాచి, రెండూ కలిపి పొద్దునా మధ్యాహ్నం భోజనానికి ముందు సగం సగం తాగాలి. ఇనుప గిన్నె వద్దు. రాత్రి తాగితే నిద్ర పట్టదు, అది గట్టిగా చెప్పగలను.

మొదటి వారంలో కడుపు ఉబ్బరం వస్తే కారణం చాలావరకు హువాంగ్ చీయే. కమలా తొక్క తగ్గించిన పొట్లాల్లో ఇది మరీ ఎక్కువ. ఆ తొక్క ఉండేదే ఉబ్బరం కట్టకుండా. షెంగ్ మా, చాయ్ హూ ‘చీ’ని పైకి లేపే దినుసులు, అవి మోతాదు మించితే తలనొప్పి, ముఖం వేడెక్కడం. జలుబు, జ్వరం ఉన్న రోజుల్లో పూర్తిగా ఆపాలి.

నాకు నిజంగా భయమున్నది అతిమధురం మీద. 9 గ్రాములు నెలల తరబడి పడితే పొటాషియం తగ్గి బీపీ పెరుగుతుంది, కాళ్లు వాస్తాయి. బీపీ ఉన్నవాళ్లు ఈ పొట్లం జోలికి పోవద్దు. వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వాడేవాళ్లకు దాంగ్ గుయ్, అవయవ మార్పిడి మందులు వాడేవాళ్లకు హువాంగ్ చీ ప్రమాదం.

ఇదే మందు మాత్రలుగా అయితే సులువే, పూటకు 8 చిన్న గుండ్లు, రోజుకు మూడుసార్లు. పని మాత్రం కషాయం కన్నా నెమ్మది. ఏది మొదలుపెట్టినా ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించండి; రక్తహీనత నీరసాన్ని ఈ మూలికలు తీర్చవు.