రెండు సీజన్లు వాడాక చెప్తున్నా: మా టీమ్ కోసం కొన్న ఇండోర్ యాంటెన్నా

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి నాలుగు స్టార్లు. ముప్పై డాలర్ల పైచిలుకు పెట్టి 2024 ఆగస్టులో కొన్నాను. చూడ్డానికి మన పరీక్ష అట్ట కంటే కొంచెం చిన్నది, పలచగా ఉంటుంది, ఒకవైపు నలుపు, ఇంకోవైపు తెలుపు, వెనక నుంచి ఒక కేబుల్, దాంతోపాటు యూఎస్‌బీతో నడిచే బుల్లి యాంప్లిఫయర్. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటి ముక్కలే ఆన్‌లైన్‌లో బోలెడన్ని పేర్లతో దొరుకుతున్నాయి, పేరు కంటే దాన్ని ఇంట్లో ఎక్కడ పెడతారన్నదే ముఖ్యం.

ఈ రోజుల్లో యాంటెన్నా ఎవరు కొంటారు అని మా ఆవిడ అడిగింది. మా టీమ్ కోసం అన్నాను. ఆ మాట పూర్తిగా అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి, ఎందుకంటే ఈ అట్టముక్క మా ఇంటికి రావడానికి అసలు కారణం ఒక కాలేజీ ఆటల కాన్ఫరెన్స్ కుప్పకూలడం.

2012లో ఎమ్మెస్ చేయడానికి కార్వాలిస్‌లో దిగాను, ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ. అప్పటికి నాకు ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేదే, ఇక్కడివాళ్ల అమెరికన్ ఫుట్‌బాల్ తెలియదు. ఆ సెప్టెంబర్లో రూమ్మేట్స్ మా యూనివర్సిటీ రీసర్ స్టేడియానికి లాక్కెళ్లారు, చుట్టూ నారింజ రంగు టీషర్టులు, ఎందుకు అరుస్తున్నారో తెలియకుండానే నేనూ అరిచాను. ఇల్లు వదిలొచ్చిన దిగులు మొదటిసారి కాసేపు మర్చిపోయింది అక్కడే. అప్పటినుంచి నేను బీవర్స్ మనిషిని, మా యూనివర్సిటీ టీమ్ పేరు అది. ఉద్యోగం పోర్ట్‌ల్యాండ్ పక్కన హిల్స్‌బరోలో వచ్చింది, పెళ్లయింది, పాప పుట్టింది, శనివారం మ్యాచ్ మాత్రం మారలేదు.

తెలియనివాళ్ల కోసం: కాన్ఫరెన్స్ అంటే కొన్ని కాలేజీలు కలిసి పెట్టుకున్న కూటమి. ఏటా వాళ్లలో వాళ్లు ఆడుకుంటారు, ఆ మ్యాచ్‌లన్నీ గంపగుత్తగా టీవీ వాళ్లకి అమ్ముతారు, వచ్చింది పంచుకుంటారు. మాది పాక్-12. 1915లో మొదలైనప్పుడు ఉన్న యూనివర్సిటీలు నాలుగే: కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఒరెగాన్, మా ఒరెగాన్ స్టేట్. అంటే మధ్యలో కొన్నేళ్లు తప్ప, వందేళ్లుగా ఒకే పంక్తిలో కూర్చున్నవాళ్లు. 2022 జూన్ 30న లాస్ ఏంజలస్‌లోని యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ బిగ్ టెన్ అనే ఇంకో కాన్ఫరెన్స్‌కి వెళ్లిపోతున్నాం అన్నాయి. ఏడాది తిరిగేసరికి కొలరాడో బిగ్ 12 అనే మరో కాన్ఫరెన్స్ దారి పట్టింది. మిగిలినవాళ్లకి ఆపిల్ స్ట్రీమింగ్ ఒప్పందం గురించి మాటలు నడుస్తుండగానే, 2023 ఆగస్టు 4న ఒక్క రోజులో ఐదు: ఒరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కి, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12కి. ఆ శుక్రవారం ఆఫీసులో ఫోన్ చూస్తూనే ఉన్నాను, పని ఏం చేశానో గుర్తులేదు. సెప్టెంబర్ 1న స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా కూడా ఏసీసీకి, అంటే అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌కి. పేరులోనే అట్లాంటిక్ తీరం ఉంది, వీళ్లేమో పసిఫిక్ ఒడ్డున ఉన్నారు. చివరికి మిగిలింది రెండే, మేము, పుల్‌మన్‌లోని వాషింగ్టన్ స్టేట్.

మేం ఆట రాక మిగిలిపోలేదు, అది నేను ఎక్కడైనా గట్టిగా చెప్తాను. అంతకుముందు 2022లో మాది పది విజయాల సీజన్. మిగిలిపోయింది ఊరు చిన్నదని, టీవీలు తక్కువని. బిగ్ టెన్ టీవీ ఒప్పందం ఏడేళ్లకు 700 కోట్ల డాలర్ల పైమాట అని వార్తలొచ్చాయి. ఆ లెక్కలో లాస్ ఏంజలస్, సియాటిల్ ఇళ్లు పనికొస్తాయి, కార్వాలిస్ ఇళ్లు పనికిరావు. ఒరెగాన్, వాషింగ్టన్ అయితే పూర్తి వాటా కాకుండా సుమారు సగానికే ఒప్పుకుని మరీ వెళ్లాయి. డాలస్‌లోని ఎస్‌ఎమ్‌యూ అనే యూనివర్సిటీ ఏసీసీలో చేరడానికి తొమ్మిదేళ్లు టీవీ డబ్బు వద్దంది. తొమ్మిదేళ్లు!

మాకున్న పాక్-12 నెట్‌వర్క్ చానెల్ 2024 జూన్ 30న మూతపడింది. ఆ చానెల్ కోసమే అప్పటిదాకా నెలకి 80 డాలర్ల దాకా లైవ్ టీవీ ప్యాకేజీ కట్టేవాణ్ణి. దాన్ని ఆపేయడానికి చాట్‌లో నలభై నిమిషాలు పట్టింది, ప్రతి ఐదు నిమిషాలకీ ఒక కొత్త ఆఫర్, ఆ కంపెనీ పేరు కూడా ఇక్కడ వద్దులెండి. ఇంతలో వార్త వచ్చింది: 2024లో మా రెండు కాలేజీల సొంతూరి మ్యాచ్‌లు 13 ఉంటే 11 సీడబ్ల్యూలో, రెండు ఫాక్స్‌లో. రెండూ గాల్లో వచ్చే చానెళ్లు, కేబుల్ అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు, పోర్ట్‌ల్యాండ్‌లో సీడబ్ల్యూ 32వ నంబర్. అప్పుడు కొన్నాను దీన్ని.

ఇక బిగించడం. నాన్న అప్పుడు ఇక్కడే ఉన్నారు, నరసరావుపేట నుంచి వచ్చి రెండు నెలలైంది. డబ్బా విప్పగానే "ఏరా, అమెరికా వచ్చి కూడా యాంటెన్నా తిప్పుతున్నావా?" అన్నారు. నా చిన్నప్పుడు దూరదర్శన్ కోసం డాబా మీద అల్యూమినియం కడ్డీల యాంటెన్నా ఉండేది, గాలివానొస్తే తిరిగిపోయేది, ఆయన పైకెక్కి తిప్పుతుంటే నేను గుమ్మంలో నిలబడి "ఇంకొంచెం... ఆఁ, వచ్చింది, పోయింది" అని అరిచేవాణ్ణి. ఇప్పుడు చోట్లు మారాయి, ఆయన టీవీ ముందు, నేను కిటికీ దగ్గర. తేడా ఏంటంటే అప్పుడు సిగ్నల్ తగ్గితే చుక్కలు వచ్చేవి, అయినా బొమ్మ కనిపించేది. ఇది డిజిటల్, వస్తే అద్దంలా వస్తుంది, తగ్గితే గళ్లుగళ్లుగా విరిగిపోయి ఆగిపోతుంది. మధ్యస్థం లేదు. అందుకే ఒక్కొక్క చోట పెట్టి, టీవీ సెట్టింగ్స్‌లో చానెల్ స్కాన్ మళ్లీ మళ్లీ చేయాలి. డబ్బాలోని కాగితంలో ఇది ఒక్క ముక్కలో రాసి వదిలేశారు, వివరంగా చెప్పాల్సింది.

మొదట టీవీ వెనక గోడకి అంటించాం, చానెళ్లు పదో పన్నెండో వచ్చాయి, 32 రాలేదు. పడమటి కిటికీలో పెడితే ఇంకా తగ్గాయి. టవర్లు పోర్ట్‌ల్యాండ్ పడమటి కొండల మీద ఉంటాయి, మాకు అవి తూర్పు. తూర్పు బెడ్‌రూమ్ కిటికీకి, పై అంచున అంటించగానే యాభైకి దగ్గరగా వచ్చాయి, 32తో సహా. బొమ్మ గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే, స్ట్రీమింగ్ కంటే శుభ్రంగా ఉంటుంది, పైగా ముప్పై నలభై సెకన్ల ఆలస్యం ఉండదు. స్టేడియంలో ఉన్న ఫ్రెండ్ మెసేజ్ పెట్టేలోపే నేనూ చూసేస్తున్నాను.

కేబుల్ హాల్లోకి లాగుతుంటే నాన్న అడిగారు, పన్నెండుమందిలో పదిమంది వెళ్లిపోతే మిగిలిన ఇద్దరూ ఏం చేస్తార్రా అని. ఆడుతున్నారు నాన్నా, సాయంత్రం మ్యాచ్ ఉంది అన్నాను. ఆగస్టు 31, ఐడహో స్టేట్ మీద, గెలిచాం. నాన్నకి రూల్స్ తెలియవు, నాలుగు గంటలూ పక్కనే కూర్చున్నారు. మధ్యలో కోర్టు సంగతి కూడా చెప్పాను: వెళ్లిపోయేవాళ్లు పదిమంది ఓట్లేసి కాన్ఫరెన్స్ డబ్బుని తేల్చేస్తారేమోనని మావాళ్లు, వాషింగ్టన్ స్టేట్ కలిసి దావా వేయడం, విట్‌మన్ కౌంటీ కోర్టు మావైపు చెప్పడం, వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు అందులో కల్పించుకోకపోవడం. "వాటా తీసుకుని పోయినవాడికి పాత ఇంట్లో పెత్తనం ఏంటి" అన్నారు. అంతే, నాకు లాయర్ల కాగితాల కంటే ఆ మాటే బాగా అర్థమైంది.

ఇప్పుడు ఆ పోయిన ఒక్క స్టార్ సంగతి. సెప్టెంబర్ 14, ఒరెగాన్ టీమ్ మా కార్వాలిస్‌కి వచ్చింది. ఇవి పక్కపక్క ఊళ్లు, 1894 నుంచి ఆడుకుంటున్నారు, ఇప్పుడు మాత్రం ఒకే కాన్ఫరెన్స్‌లో లేరు. ఇంటికి ఏడుగురు ఫ్రెండ్స్‌ని పిలిచాను, పకోడీలు, టీ, అంతా రెడీ. మ్యాచ్ ఫాక్స్‌లో. రెండో క్వార్టర్ నుంచి బొమ్మ విరగడం మొదలు. పకోడీలు చల్లారాయి, నేను కిటికీకీ టీవీకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను, చివరికి ఒకతని ఫోన్‌లో అందరం తలలు దూర్చి చూశాం. 49-14తో ఓడిపోయాం, అది వేరే బాధ. తర్వాత కనుక్కుంటే తెలిసింది, పోర్ట్‌ల్యాండ్‌లో ఫాక్స్ వీహెచ్‌ఎఫ్ అనే తక్కువ ఫ్రీక్వెన్సీలో వస్తుంది, మిగతా పెద్ద చానెళ్లు చాలావరకు యూహెచ్‌ఎఫ్ అనే ఎక్కువ ఫ్రీక్వెన్సీలో. వీహెచ్‌ఎఫ్ అలలు పొడుగ్గా ఉంటాయి, వాటిని పట్టడానికి పొడవాటి కడ్డీలు కావాలి, ఈ అట్టముక్కకి అంత పొడవు లేదు. డబ్బా మీద మాత్రం అన్ని చానెళ్లూ వస్తాయని పెద్ద అక్షరాల్లో ఉంది. అందుకే ఒక స్టార్ కోత. యాంప్లిఫయర్ తీసేస్తే ఫాక్స్ కొంచెం నయం అయింది, టవర్లు దగ్గరున్నవాళ్లకి అది మేలు కంటే చెరుపే ఎక్కువ చేస్తుందని నా అనుభవం.

ఈ యాంటెన్నాకి మొత్తం డబ్బు వసూలైంది మాత్రం ఒక్క రోజే. 2024 నవంబర్ 23, వాషింగ్టన్ స్టేట్ మా ఊళ్లో. వరుసగా ఐదు ఓడిపోయి ఉన్నాం, అందులో ఒకటి కాలిఫోర్నియా చేతిలో 44-7. మిగిలిన ఇద్దరం, చెట్టు కూలినా నిలబడ్డ రెండు కొమ్మల్లాంటి వాళ్లం, ఒకరితో ఒకరం ఆడుతున్నాం. ఆధిక్యం ఇటు అటు మారుతూనే ఉంది, బయట వాన, కిటికీ అద్దం మీద నీళ్లు కారుతున్నాయి, సిగ్నల్ పోతుందేమోనని నాకు టెన్షన్. ఒక్కసారి కూడా విరగలేదు. చివరి నిమిషంలో ఫీల్డ్ గోల్‌తో, అంటే బంతిని గోల్ కర్రల మధ్యనుంచి తన్ని, 41-38తో గెలిచాం. మా పాప నిద్రలేచి ఏడ్చింది నా కేకకి. ఆ రాత్రి వాషింగ్టన్ స్టేట్ కోసం కూడా బాధపడ్డాను, అంతకుముందు ఎప్పుడూ ప్రత్యర్థి గురించి అలా అనిపించలేదు.

2025 గురించి త్వరగా. సొంతూరి మ్యాచ్‌లు సీడబ్ల్యూ, సీబీఎస్, ఈఎస్‌పీఎన్ మధ్య పంచారు. మొదటి రెండూ యాంటెన్నాలో వస్తాయి, మూడోది రాదు. అది యాంటెన్నా తప్పు కాదు. మావాళ్లు వరుసగా ఏడు ఓడిపోయాక కోచ్ ట్రెంట్ బ్రేని తీసేశారు, సీజన్ 2-10. ఆ రెండు గెలుపుల్లో ఒకటి మళ్లీ వాషింగ్టన్ స్టేట్ మీదే, 10-7. టీమ్ ఎందుకిలా పడిపోయిందంటే ఒకటే కారణం చెప్పలేను, కానీ 2023 చివర్లో కోచ్ జొనాథన్ స్మిత్ మిషిగన్ స్టేట్‌కి వెళ్లిపోవడం, క్వార్టర్‌బ్యాక్ ఏడన్ చైల్స్ ఆయన వెంటే వెళ్లడం, రన్నింగ్‌బ్యాక్ డేమియన్ మార్టినెజ్ మయామికి వెళ్లడం, ఇవన్నీ ఐదు కాలేజీలు ఒకేసారి వెళ్లిపోయిన ఆ ఆగస్టు శుక్రవారం తర్వాతే జరిగాయి. పిల్లల్ని తప్పు పట్టను, ఇరవై ఏళ్ల కుర్రాడు మునుగుతుందనిపించే పడవలో ఎందుకుంటాడు. సంతకాలు పెట్టిన పెద్దవాళ్ల మీదే నా కోపం.

దీంతో రానివి కూడా చెప్పాలి. పరాయి ఊరి మ్యాచ్‌లు ఆతిథ్యమిచ్చే కాలేజీ ఏ చానెల్‌కి అమ్ముకుంటే అందులోనే, చాలావరకు దొరకవు. బేస్‌బాల్ నాకు ఎక్కువ బాధ. 2025లో మా బేస్‌బాల్ టీమ్ ఏ కాన్ఫరెన్స్‌లోనూ లేకుండా, ఒంటరిగా, దేశమంతా తిరిగి మ్యాచ్‌లు ఆడి, ఫ్లోరిడా స్టేట్‌ని కార్వాలిస్‌లోనే ఓడించి, ఒమాహాలో కాలేజ్ వరల్డ్ సిరీస్ దాకా వెళ్లింది. ఇంటి ఆసరా లేకుండా అంతదూరం! అవన్నీ ఈఎస్‌పీఎన్ చానెళ్లలో, ఒక ఫ్రెండ్ ఇంటికెళ్లి చూశాను.

సియాటిల్‌లో నా బావమరిది వాషింగ్టన్ హస్కీస్ అభిమాని. బిగ్ టెన్‌కి వెళ్లాక వాడికి ఒక మ్యాచ్ ఫాక్స్, ఒకటి ఎన్‌బీసీ, ఒకటి పీకాక్ అనే స్ట్రీమింగ్ యాప్, ఒకటి బిగ్ టెన్ నెట్‌వర్క్. "బావా, మీది నయం, ఏ చానెలో ముందే తెలుస్తుంది" అంటాడు. మ్యాచ్ కోసం న్యూజెర్సీ దాకా విమానం ఎక్కాల్సిన పిల్లల గురించి అయితే వాడికీ బాధే, ఫుట్‌బాల్ సంగతి ఎలా ఉన్నా వాలీబాల్, సాఫ్ట్‌బాల్ ఆడేవాళ్లు వారం మధ్యలో ఆ దూరాలు తిరిగి క్లాసులకి ఎలా వస్తారు?

2026 జూలై 1 నుంచి కొత్త పాక్-12: బాయిసీ స్టేట్, కొలరాడో స్టేట్, ఫ్రెస్నో స్టేట్, శాన్ డియాగో స్టేట్, యూటా స్టేట్, టెక్సస్ స్టేట్ వస్తున్నాయి, ఫుట్‌బాల్ లేని గొంజాగా కూడా. వీళ్లలో చాలామంది మౌంటెన్ వెస్ట్ అనే కాన్ఫరెన్స్‌ని వదిలి వస్తున్నారు, అంటే మాకు జరిగిందే మేమూ ఇంకొకరికి చేశాం. అది నాకు సుఖంగా లేదు, కానీ వేరే దారీ కనపడలేదు. మ్యాచ్‌లు సీబీఎస్, సీడబ్ల్యూ, యూఎస్‌ఏ నెట్‌వర్క్‌లో. చివరిది కేబుల్ చానెల్, మిగతావాటికి ఈ యాంటెన్నా చాలు, కాబట్టి తీసేయడం లేదు.

కొనేవాళ్లకి: హిల్స్‌బరో, బీవర్టన్ వైపు ఉంటే తూర్పు కిటికీ చూసుకోండి, కేబుల్ పదిహేను అడుగులు ఉన్నది తీసుకోండి, డబ్బాలో వచ్చేది పొట్టిది. ఫాక్స్ ముఖ్యమైతే కడ్డీలున్న మోడల్‌కి ఇంకో పదిహేను డాలర్లు పెట్టండి. నెలకోసారి స్కాన్ చేయండి. కార్వాలిస్‌లోనే ఉంటే పోర్ట్‌ల్యాండ్ సిగ్నల్ దీనికి అందడం కష్టం, ఆ డబ్బుతో టికెట్ కొని రీసర్‌కి వెళ్లండి, ఇప్పుడు ఆ సీట్లు నిండాలి.