గంట రోడ్డుకు 27 జీబీ: వీధి చిత్రాల వేదికకు పెద్ద వీడియోలు పంపిన రెండేళ్ల అనుభవం

అమలాపురం చుట్టుపక్కల రోడ్లను స్కూటరు హ్యాండిల్‌కు బిగించిన యాక్షన్ కెమెరాతో చిత్రీకరించి, వీధి చిత్రాలను అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచే ఒక వేదికకు పంపడం మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. ఈ రెండేళ్లలో రోడ్ల మీద తిరగడానికి పట్టిన సమయం కన్నా, తీసిన వీడియోను ఇంటి నుంచి ఆ వేదిక దాకా చేర్చడానికి పట్టిన సమయమే ఎక్కువ. అందుకే ఈ సమీక్షలో ఆ వేదిక అందచందాల జోలికి గానీ, ఫోన్ యాప్ జోలికి గానీ పోకుండా, పెద్ద వీడియో ఫైళ్ల అప్‌లోడ్ గురించి మాత్రమే రాస్తున్నాను. ఉత్సాహంగా కెమెరా కొనుక్కుని వచ్చిన నా మిత్రులు ఇద్దరు ఈ మెట్టు దగ్గరే విసిగిపోయి మానేశారు. ఇంకొకరికి అలా జరగకూడదని నా కోరిక.

ఈ పని ఎందుకు చేస్తున్నానో ముందు చెప్పాలి. కోనసీమలో కాలువ గట్ల వెంట సాగే రోడ్లు చాలావరకు కొబ్బరిచెట్ల నీడలో ఉంటాయి. ఉపగ్రహ చిత్రంలో చూస్తే ఆకుపచ్చ రంగు తప్ప మరేమీ కనిపించదు; కింద సిమెంటు రోడ్డు ఉందో మట్టి బాట ఉందో, కాలువ మీద కారు పట్టే వంతెన ఉందో, మనిషి దాటడానికి వేసిన తాటి దుంగ ఉందో పైనుంచి తెలియదు. 2004లో మొదలై ప్రపంచమంతటా ఔత్సాహికులు కలిసి గీస్తున్న ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఇలాంటి దారులను సరిగా చూపించాలంటే నేల మీద నిలబడి తీసిన చిత్రాలే ఆధారం. గూగుల్ స్ట్రీట్ వ్యూ 2022 జులైలో హైదరాబాద్ సహా 10 నగరాలతో మన దేశంలో మళ్లీ మొదలైన మాట నిజమే కానీ, ఆ చిత్రాలను చూసి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో గీయడానికి హక్కుల నిబంధనలు ఒప్పుకోవు. కాబట్టి గీయడానికి అనుమతి ఉన్న వేదికకు మన రోడ్లను మనమే పంపుకోవాలి.

ఇప్పుడు లెక్క చూడండి. నా కెమెరా 4కే నాణ్యతలో సెకనుకు 60 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తుంది. అంటే నిమిషానికి 450 ఎంబీ, గంటకు 27 జీబీ. మా రోడ్ల మీద స్కూటరు గంటకు సగటున 30 కిలోమీటర్లు పోతుంది కాబట్టి, 30 కిలోమీటర్ల దారికి 27 జీబీ అన్నమాట. మా ఇంటి ఫైబర్ కనెక్షన్ కాగితం మీద 40 ఎంబీపీఎస్. రాత్రిపూట నేను కొలిచినప్పుడు అప్‌లోడ్ వేగం 12 దగ్గర నిలిచింది. ఆ వేగంతో ఏ ఆటంకమూ లేకపోతేనే 27 జీబీకి 5 గంటలు పడుతుంది. రోజుకు 2 జీబీ ఇచ్చే మొబైల్ ప్యాక్‌తో పంపుదామనుకుంటే ఒక్క గంట వీడియోకు రెండు వారాలు కావాలి. నెట్ కనెక్షన్ ఎంత మంచిదైనా, వీడియో అంత పెద్దదైనప్పుడు మధ్యలో ఏదో ఒక ఆటంకం రాకుండా ఉండదు. ఆ ఆటంకాన్ని వేదిక ఎలా తట్టుకుంటుందన్నదే అసలు పరీక్ష.

నేను వాడిన వేదిక మొదటి ఏడాది ఆ పరీక్షలో నెగ్గలేదు. ఒక రాత్రి తొమ్మిదిన్నరకు ఏడు ఫైళ్లు ఎంచుకుని, బ్రౌజర్ పేజీ మూయకుండా, ల్యాప్‌టాప్ నిద్రలోకి జారకుండా సెట్టింగులు మార్చి పడుకున్నాను. ఒంటిగంటా నలభైకి ఫ్యాను ఆగిపోవడంతో మెలకువ వచ్చింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద వెలుగుతూనే ఉంది, తెర మీద 83 శాతం దగ్గర గీత ఎర్రగా మారి ఆగిపోయింది, మూలనున్న రౌటర్ దీపాలు ఆరిపోయి ఉన్నాయి. ఇరవై నిమిషాలకు కరెంటు వచ్చింది, రౌటర్ పచ్చదీపం వెలిగింది. ‘మళ్లీ ప్రయత్నించండి’ అన్న బొత్తాం నొక్కాను. గీత సున్నాకు వచ్చింది. ఏడు ఫైళ్లనూ ఆ పేజీ ఒకే విడతగా లెక్కిస్తుందనీ, అన్నీ చేరితే తప్ప ఒక్కటీ చేరినట్టు కాదనీ ఆ రాత్రే తెలిసింది. అప్పటికి పూర్తిగా వెళ్లిపోయిన ఐదు ఫైళ్లు కూడా గోదాట్లో కలిసినట్టే.

పెద్ద ఫైలును చిన్న చిన్న ముక్కలుగా పంపి, ఎంతవరకు అందిందో సర్వర్ గుర్తుపెట్టుకుని, తెగిన చోటి నుంచే మళ్లీ అందుకునే పద్ధతి కొత్తదేమీ కాదు. ఇదే వేదిక కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకునే తన సాధనంలో ఆ పద్ధతిని తర్వాత తీసుకొచ్చింది, అది చక్కగా పనిచేస్తోంది కూడా. అయితే వెబ్ పేజీలో ఎక్కడా ‘పెద్ద ఫైళ్లకు ఈ సాధనం వాడండి’ అన్న సూచన కనిపించదు. ఆ ఒక్క వాక్యం అక్కడ ఉండి ఉంటే నాకు ఎన్నో రాత్రులు మిగిలేవి. మీరు మొదలుపెట్టే ముందే ఆ సాధనాన్ని దించుకోండి; బ్రౌజర్‌ను పది పదిహేను ఫొటోలకు మించి నమ్మకండి. రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టుకోవడం కూడా అవసరమే. నేను పెట్టుకున్నాక మధ్యలో తెగడం బాగా తగ్గింది.

నెట్ తెగడాన్ని ఇలా సర్దుకోవచ్చు. నన్ను ఎక్కువ బాధపెట్టింది వేరే సమస్య: అప్‌లోడ్ వంద శాతం పూర్తయిందని చెప్పి, ఆ తర్వాత వీడియో మాయమవడం. ‘ప్రాసెస్ అవుతోంది’ అన్న మాట నాలుగు రోజులు కనిపిస్తుంది, ఐదో రోజు జాబితాలో ఆ వరుసే ఉండదు. తప్పు ఏమిటో చెప్పే సందేశం లేదు, ఈమెయిల్ లేదు. సహాయ విభాగానికి రాస్తే ‘ఫైలులో లొకేషన్ సమాచారం ఉందో లేదో చూసుకోండి’ అన్న ఒకే జవాబు రెండుసార్లు వచ్చింది. చివరకు నేనే పోయిన ఫైళ్లనూ నిలిచిన ఫైళ్లనూ పక్కపక్కన పెట్టి, ఫైలులో దాగిన సమయం, స్థానం వంటి వివరాలను చదివి మార్చగలిగే ఎగ్జిఫ్‌టూల్ అనే సాధనంతో తెరిచి చూశాను. పోయిన ప్రతి ఫైలులోనూ మొదటి నిమిషం దాకా జీపీఎస్ బిందువు ఒక్కటీ లేదు. ఇంటి వరండాలోనే రికార్డు నొక్కి బయల్దేరడం నా అలవాటు. కెమెరాకు ఉపగ్రహాల సిగ్నల్ అందేసరికి నేను వీధి చివరకు చేరేవాణ్ణి. ఆ మొదటి నిమిషం కోసం మొత్తం ఫైలునే వేదిక తోసిపుచ్చుతోంది. అప్పటి నుంచి ఆకాశం బాగా కనిపించే చోట రెండు నిమిషాలు ఆగి, కెమెరా తెర మీద జీపీఎస్ గుర్తు స్థిరపడ్డాకే రికార్డు నొక్కుతున్నాను. ఆ తర్వాత ఈ కారణంతో ఒక్క ఫైలూ పోలేదు. ఐదు గంటలు పంపించుకున్నాక కాకుండా, పంపే ముందే మొదటి కొన్ని సెకన్లు చదివి ఈ మాట చెప్పగలిగే వీలు వేదికకు ఉంది. అది చెప్పకపోవడం నా దృష్టిలో క్షమించరాని లోపం.

అనవసరమైన ఆ మొదటి నిమిషాన్ని కోసేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకుని మామూలు ఎడిటింగ్ యాప్‌లో కోశాను. ఇలాంటి కెమెరాల్లో జీపీఎస్ వివరాలు బొమ్మకూ శబ్దానికీ పక్కన మరో ప్రత్యేక పొరగా ఫైలులోనే ఉంటాయి. నేను వాడిన ఎడిటింగ్ యాప్ బొమ్మనూ శబ్దాన్నీ మాత్రమే ఉంచి ఆ పొరను వదిలేసింది. చూడటానికి వీడియో నిక్షేపంగా ఉంటుంది, మ్యాప్ మీద పెట్టడానికి మాత్రం పనికిరాదు. 2000లో ఫాబ్రిస్ బెలార్డ్ మొదలుపెట్టిన, వీడియోలను కోసి మార్చే ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ అనే సాధనం కూడా, అన్ని పొరలనూ ఉంచమని విడిగా ఆజ్ఞ ఇవ్వకపోతే, ఆ పొరను వదిలేస్తుంది. కాబట్టి అసలు ఫైలును కదపకుండా ఒక హార్డ్ డిస్కులో దాచి, నకలు మీదే ప్రయోగాలు చేయండి.

ఇక కెమెరా ఒకే వీడియోను ముక్కలుగా రాసే సంగతి. మెమరీ కార్డు మీద ఫైళ్లను అమర్చే పాత ఫ్యాట్32 పద్ధతిలో ఒక్క ఫైలు 4 జీబీ దాటడానికి వీల్లేదు. నా కెమెరా నేటికీ ఆ హద్దునే పాటిస్తూ దాదాపు ప్రతి 9 నిమిషాలకూ కొత్త ఫైలు తెరుస్తుంది. అది ఎలా ఉన్నా ఫరవాలేదు గానీ, రెండో ఫైలుకూ మూడో ఫైలుకూ కూడా మొదటిది మొదలైన సమయాన్నే రాస్తుంది. కెమెరా జీపీఎస్ బాగాలేని రోజున ఫోన్‌లో నమోదైన దారిని జతచేసి పంపాను. వేదిక సమయాన్ని బట్టి చిత్రాలను దారి మీద పరిచింది. ఫలితంగా మూడు ఫైళ్ల చిత్రాలూ మొదటి నాలుగున్నర కిలోమీటర్ల మీదే ఒకదానిపై ఒకటి పడ్డాయి. అంబాజీపేట దగ్గర కొబ్బరికాయలు ఎత్తుతున్న లారీ అమలాపురం ఊళ్లో ఆగి ఉన్నట్టు కనిపించింది. అవన్నీ తొలగించమని కోరి, మళ్లీ పంపడానికి వారం పట్టింది.

సమయం విషయంలో మరో చిక్కు కూడా ఉంది. ఫోన్ దారిని ప్రపంచ ప్రామాణిక సమయంలో రాస్తుంది, కెమెరా గడియారం మన సమయంలో నడుస్తుంది. రెండింటికీ ఐదున్నర గంటల తేడా. ఆ తేడాను సరిచేయకుండా పంపితే ఒక్క చిత్రానికీ స్థానం దొరకదు. సరిచేసినా సెకన్ల తేడా మిగులుతుంది: గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే ప్రతి సెకనుకూ 10 మీటర్లు కదులుతాం, 5 సెకన్ల తప్పుకు తూము ఒక చోట, దాని బొమ్మ 50 మీటర్ల అవతల ఉంటాయి. అందుకని ప్రతి ప్రయాణం మొదట్లోనూ ఫోన్‌లో సెకన్లు చూపే గడియారాన్ని కెమెరా ముందు పట్టుకుని పది సెకన్లు రికార్డు చేస్తున్నాను. తర్వాత తేడా ఎంతో లెక్కకట్టడం తేలిక.

ఇన్ని దెబ్బలు తిన్నాక నేను స్థిరపడిన పద్ధతి ఒకటే: వీడియోను వీడియోగా పంపడం మానేశాను. వేదిక చివరకు చేసేది కూడా వీడియోలోంచి చిత్రాలు తీయడమే. ఆ పని మన కంప్యూటర్‌లోనే చేసుకుంటే సెకనుకు రెండు చిత్రాల చొప్పున గంటకు 7,200 చిత్రాలు వస్తాయి, 30 కిలోమీటర్ల వేగానికి ప్రతి నాలుగు మీటర్లకూ ఒకటి ఉన్నట్టు. ఒక్కోటి సుమారు 1 ఎంబీ. అంటే 27 జీబీ కాస్తా 7 జీబీ అయింది, 5 గంటల అప్‌లోడ్ గంటా ఇరవై నిమిషాలకు దిగింది. మధ్యలో నెట్ తెగితే పోయేది ఒక్క చిత్రం, 4 జీబీల ఫైలు కాదు. అయితే ఇది ఉత్తినే రాదు. ఇలా తీసిన చిత్రాలకు సమయమూ స్థానమూ ఉండవు, ఎగ్జిఫ్‌టూల్‌తో ప్రతిదానికీ రాయించాలి. సంతరోజు లారీ వెనుక ఆగిపోతే అదే చిత్రం రెండు వందల సార్లు వస్తుంది కాబట్టి, సమయాన్ని బట్టి కాకుండా దూరాన్ని బట్టి ఏరుకోవాలి. నా పాత ల్యాప్‌టాప్‌లో ఒక గంట వీడియోకు ఇదంతా ముప్పావు గంట పని. ఆజ్ఞలు టైపు చేసి పని చేయించే కమాండ్ లైన్ అంటే జంకే వారికి మొదటిసారి ఒక పూట పడుతుంది. పక్కన తెలిసినవారు ఒకరు కూర్చుంటే మంచిది.

ఇంత చెప్పినా ఈ వేదికను వదిలేయమని అనను. చేరిన చిత్రాల్లో మనుషుల ముఖాలనూ బండ్ల నంబరు ప్లేట్లనూ తనంతట తానే మసకబరుస్తుంది. పెరట్లో బట్టలారేస్తున్న ఆడవాళ్లూ బడికి పోతున్న పిల్లలూ కనిపించే మా వీధుల్లో అది నాకు చాలా ముఖ్యం. నేను పంపిన చిత్రాలను చూసి ఎక్కడో ఉన్న మరొకరు మా కాలువ మీది వంతెనలను మ్యాప్‌లో చేర్చారు. ఐదు చుక్కల్లో మొత్తం వేదికకు నాలుగు ఇస్తాను, చిత్రాల అప్‌లోడ్‌కు నాలుగు, పెద్ద వీడియోల అప్‌లోడ్‌కు ఒకటిన్నర.

రెండు పద్ధతులనూ పక్కపక్కన చూడాలని 216వ నంబరు జాతీయ రహదారి మీద దిండి నుంచి చించినాడ వంతెన దాటేదాకా తీసిన ఒకే వీడియోను ఈమధ్య రెండు ఖాతాల నుంచి పంపాను. చిత్రాలుగా పంపినది మర్నాడు సాయంత్రానికి మ్యాప్ మీద ఉంది, వశిష్ఠ గోదావరి మీద వంతెన రెయిలింగు ప్రతి నాలుగు మీటర్లకూ కనిపిస్తోంది. వీడియోగా పంపినది వంద శాతం చేరిందని చూపించింది. పదకొండు రోజులైంది, ఇంకా ‘ప్రాసెస్ అవుతోంది’.