బుషర్ ట్రూ టోన్ సోప్రానో శాక్సోఫోన్: పాతది కొని ఏళ్ల తరబడి వాయించాక

పాత సోప్రానో (పై స్థాయిలో పలికే చిన్న శాక్సోఫోన్) కొనేటప్పుడు ఏం చూడాలని ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఒకటే. వెండి పూత, గంట (చివర విచ్చుకునే భాగం) మీది నగిషీ, పెట్టె, ఇవన్నీ తర్వాత. ముందు గొట్టం మీది బెజ్జాన్ని మూసే ఒక మూత ఎత్తి, లోపల ప్యాడ్ (గాలి కారకుండా ఆపే తోలు మెత్త) మధ్యలో ఉన్న లోహపు బిళ్లను చూడండి. నా బుషర్ ట్రూ టోన్ మీద నాకున్న ఇష్టమంతా ఆ బిళ్ల దగ్గరే మొదలైంది.

నేనుండేది ఇండియానాలో. ఈ రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ అనే చిన్న ఊళ్లోనే కాన్, బుషర్, మార్టిన్ కంపెనీలు శాక్సోఫోన్లు చేసేవి. 1920ల్లో అమెరికాలో శాక్సోఫోన్ మోజు ఎంతగా ఉండేదంటే, ఆ కాలపు వాయిద్యాలు ఇప్పటికీ ఈ చుట్టుపక్కల ఇళ్ల అటకల మీంచి దిగుతూనే ఉంటాయి. పెద్దవాళ్లు పోయాక ఇంట్లో సామానంతా అమ్మేసే సేల్స్ ఉంటాయి కదా, నాది అలాంటి చోటే దొరికింది. వెండి పూత బాగా నల్లబడి ఉంది. అయినా పనిగట్టుకుని కొన్నాను, ఎందుకంటే అప్పటికే మూత ఎత్తి చూశాను.

మామూలు శాక్సోఫోన్‌లో ప్యాడ్‌ని మూతలో లక్క పెట్టి అతికిస్తారు. మూతను వెనకనుంచి వేడి చేసి, లక్క కరిగాక ప్యాడ్‌ని సమంగా కూర్చోబెట్టాలి. చేయి తిరిగినవాళ్లకే కుదిరే పని. బుషర్ వాళ్లు ఇంకో దారి పట్టారు. మూత నడిబొడ్డున ఒక చిన్న బొడిపె ఉంటుంది. ప్యాడ్ మధ్యలో రంధ్రం. ప్యాడ్‌ని బొడిపె మీద పెట్టి, పైనుంచి లోహపు బిళ్లను నొక్కితే టిచ్ బటన్‌లా టక్కున పడుతుంది. ప్యాడ్ మందం సరిగ్గా ఉంటే బెజ్జం అంచుకు తనంతట తనే సర్దుకుంటుంది. బిళ్ల ప్యాడ్‌ని పట్టి ఉంచడమే కాదు, నాదాన్ని వెనక్కి కొట్టే పని కూడా చేస్తుంది.

ఇది ఎంత అక్కరకొచ్చిందో ఒక ఉగాది ముందురోజు తెలిసింది. మా తెలుగు సంఘం కార్యక్రమంలో, వయొలిన్ వాయించే అక్కతో కలిసి రెండు శ్రుతిలో కీర్తనలు వాయించాలి. రెండు శ్రుతి అంటే షడ్జమం 'డి' స్వరం. బి ఫ్లాట్ సోప్రానో ('సి' వేళ్లతో ఊదితే బి ఫ్లాట్ పలికేది) మీద మన వేళ్లకు 'ఇ' షడ్జమం అవుతుంది. అప్పుడు మంద్ర పంచమం సరిగ్గా కింది 'బి' దగ్గర పడుతుంది. అంటే వాయిద్యంలో దాదాపు అన్ని మూతలూ మూసుకోవాల్సిన చోటు. ఎక్కడ కాస్త గాలి కారినా ముందు చచ్చేది ఆ స్వరమే.

రిహార్సల్‌లో అదే జరిగింది. మంద్ర పంచమం గరగరలాడి పై స్థాయికి ఎగిరిపోతోంది. "ఏమ్మా, పంచమం పలకట్లేదేంటి?" అని అక్క విల్లు ఆపి అడిగింది. రీడ్ (మౌత్‌పీస్‌లో అదిరే పలుచని పలక) మార్చాను, లాభం లేదు. గట్టిగా ఊదితే ఒకసారి పలికి ఇంకోసారి మొరాయిస్తోంది. దగ్గర్లో రిపేర్ చేసే ఆయన వారాంతంలో ఫోన్ ఎత్తడు.

ఇంటికొచ్చి స్నానాల గదిలో లైటు ఆర్పి, గాలి కారే చోటు పట్టిచ్చే సన్నని లీక్ లైట్ గొట్టంలోకి దించాను. కింది మూతలన్నీ శుభ్రంగా ఉన్నాయి. కారుతున్నది చాలా పైన, కుడి చూపుడు వేలి మూత దగ్గర. బెజ్జం అంచు వెంట వెంట్రుకవాసి వెలుగు. సిగరెట్ కాగితం పేలిక పెట్టి లాగితే మూడు వైపులా బిగువుగా పట్టుకుంది, నాలుగో వైపు అలా జారిపోయింది. అమ్మేవాళ్లు "కింది స్వరాలు కాస్త కష్టం, సోప్రానో అంటే అంతే" అంటే నమ్మొద్దని చెప్పేది ఇందుకే. తెగులు పైన ఉంటుంది, బాధ కింద కనిపిస్తుంది.

మూత తీసి చూస్తే ప్యాడ్ తోలు ఒక అంచున చిట్లి, లోపలి ఉన్ని తడికి ఉబ్బి ఉంది. ప్లాస్టిక్ కార్డు మూలతో బిళ్లను మెల్లగా లేపాను. పాత ప్యాడ్ ఊడి చేతిలోకి వచ్చింది. డబ్బాలో అదే కొలత ప్యాడ్ ఉంది గాని మధ్యలో రంధ్రం లేదు. తోలుకు కొట్టే పంచ్‌తో రంధ్రం చేసి, బొడిపె మీద పెట్టి బిళ్ల నొక్కాను. లక్క లేదు, దీపం లేదు. మూత బిగించి కాసేపు మూసి ఉంచాక లైట్ పెట్టి చూస్తే వెలుగు లేదు. అర్ధరాత్రి ఇంట్లోవాళ్లు నిద్రపోతుండగా మంద్ర పంచమం మెల్లగా పట్టి చూశాను. నిండుగా, తొణక్కుండా నిలబడింది. అంత చిన్న బిళ్ల వందేళ్ల తర్వాత నా కార్యక్రమాన్ని నిలబెట్టినందుకు, దాన్ని కనిపెట్టినవాళ్లకు నిజంగా దండం పెట్టాలనిపించింది.

అయితే కొనబోయేవాళ్లు జాగ్రత్తగా చూడాల్సిందీ ఇక్కడే. ఈ వందేళ్లలో వాయిద్యం ఎన్నో చేతులు మారి ఉంటుంది. రంధ్రం లేని మామూలు ప్యాడ్లు వేయడం సులువని చాలామంది రిపేరువాళ్లు ఆ బొడిపెల్ని ఆకురాయితో అరగదీసేశారు. నాదాంట్లోనూ గంట వైపు మూత ఒకదానికి అలా చేసి పెట్టారు. లక్కతో పనిచేస్తుంది, కాదనను. కానీ ఆ ప్యాడ్ పోయినప్పుడల్లా రిపేరుకు ఇవ్వాల్సిందే. పై వైపు చిన్న మూతలకు మొదటినుంచీ బిళ్లలు లేనట్టున్నాయి, వాటి పనీ లక్కతోనే. కాబట్టి ఈ ఏర్పాటు వల్ల వాయిద్యమంతా ఇంట్లోనే బాగుచేసుకోవచ్చని అనుకోకండి. దూరం నుంచి కొంటుంటే ప్రతి పెద్ద మూతకూ లోపలి ఫొటో అడగండి. అన్నిట్లోనూ మధ్యన బిళ్ల ఉంటే అడిగిన ధరకు కాస్త అటూ ఇటూగా ఇవ్వొచ్చు.

తర్వాత చూడాల్సింది పిచ్. వెనకవైపు సీరియల్ నంబర్ దగ్గర 'లో పిచ్' అని గానీ, కొన్ని కంపెనీల వాటి మీద 'ఎల్' అక్షరం గానీ ఉండాలి. 'హై పిచ్' అంటే 'ఎ' స్వరం 440 హెర్ట్జ్ దగ్గర కాకుండా 457 దగ్గర కూర్చుంటుంది, అంటే అర స్వరంలో సగానికి పైగా ఎక్కువ. మౌత్‌పీస్ వెనక్కి లాగి సరిచేద్దామంటే కుదరదు. బెజ్జాల మధ్య దూరాలే వేరు గనక, ఒక స్వరం దిగితే ఇంకోటి దిగదు. మన సంగీతం వాయించేవాళ్లకు ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది, పడమటి వాళ్ల సలహాల్లో ఇది కనిపించదు. హై పిచ్ వాయిద్యం తనలో తాను శ్రుతిగానే ఉంటుంది. ఎలక్ట్రానిక్ తంబురాను అంత పైకి తిప్పుకుని, వయొలిన్, మృదంగం దానికి కలుపుకుంటే కచేరీ నడిచిపోతుంది. కీబోర్డు గానీ హార్మోనియం గానీ పక్కనుంటే మాత్రం దాని జోలికి పోవద్దు.

ఆ కాలంలో 'సి' సోప్రానోలు కూడా అమ్మారు. విడిగా ఫొటోలో చూస్తే పోల్చడం కష్టం, తొమ్మిదో వంతు పొట్టిగా ఉంటుందంతే. అమ్మేవాళ్లకు ఊదడం వస్తే, 'సి' వేళ్లతో వాయించి ఫోన్‌లో ట్యూనర్ చూడమనండి. బి ఫ్లాట్ చూపిస్తే మనకు కావలసినది. ఎడమ అరచేతి వైపు మీటలు రెండే ఉంటే అది పై 'ఇ ఫ్లాట్' వరకే వెళ్తుంది, మూడుంటే 'ఎఫ్' దాకా. నాది 'ఇ ఫ్లాట్' వరకే వెళ్లేదైతే, రెండు శ్రుతిలో వాయించే నాకు అతి తార షడ్జమం అందేది కాదు.

దుకాణాల పేర్లతో వచ్చే స్టెన్సిల్ వాయిద్యాలూ ఎక్కువగా ఇదే ఎల్క్‌హార్ట్ ఫ్యాక్టరీల్లో తయారైనవే. 1914 డిసెంబర్ 8 పేటెంట్ ముద్ర ఉంటే మామూలుగా కాన్ చేసినది. బెజ్జాల గోడలు విడిగా టంకం పెట్టి అతికినట్టుంటే మార్టిన్ అనుకోవచ్చు. బుషర్ చేసిన స్టెన్సిల్స్‌లో మామూలుగా ఈ బిళ్లలు ఉండవు. నాకు ముఖ్యమైనదే అందులో లేదు కాబట్టి వాటి గురించి ఎక్కువ చెప్పను.

శ్రుతి గురించి. కొన్న కొత్తల్లో ఇంత నిక్కచ్చిగా పలికే సోప్రానో వేరే లేదని అందరితో అన్నాను. ఆ మాట ఇప్పటికీ అంటాను, కాకపోతే పెట్టెతోపాటు వచ్చిన, లోపల గుండ్రంగా విశాలంగా ఉన్న పాత మౌత్‌పీస్‌తో వాయించినప్పుడే. ఇప్పటి ఇరుకు మౌత్‌పీస్ పెడితే తార స్థాయి గాంధారం దగ్గరనుంచి పైకి జారిపోతుంది, దవడతో కిందికి లాక్కోవాలి. పాత మౌత్‌పీస్ లేకుండా అమ్ముతుంటే దాని ఖర్చూ లెక్కేసుకోండి. ఎడమ చిటికెన వేలి మీటలు కూడా ఇప్పటి వాయిద్యాల్లో ఉన్నంత వీలుగా లేవు. కింది 'బి', 'బి ఫ్లాట్' మీద ఎక్కువసేపు ఉంటే ఆ వేలు నొప్పి పుడుతుంది. చిన్న చేతులవాళ్లు కొనేముందు కాసేపు పట్టుకుని చూడాలి.

ఇంకో రెండు మాటలు. కిందనుంచి గొట్టంలోకి చూసినప్పుడు నిటారుగా కనిపించాలి. ఎప్పుడో కిందపడి వంగినదైతే మూతలు తిరిగే రాడ్లు బిగుసుకుని మూతలు ఆలస్యంగా లేస్తాయి, ఆ రిపేరు కొన్న ధరను మించిపోవచ్చు. నలుపు చూసి భయపడకండి. మెరిసేలా అతిగా రుద్ది నగిషీ అరిగిపోయిన వాటికన్నా నల్లబడ్డదే నయం.

నాకు ఇది కుదిరిందంటే కారణాలున్నాయి. ఇలాంటి పాత వాయిద్యాలు తెలిసిన రిపేరు ఆయన కారులో వెళ్లి రాగలిగినంత దూరంలో ఉన్నాడు. నేను వాయించేది ఎక్కువగా తంబురాతో, వయొలిన్‌తో. గుంటూరులో చర్చి బ్యాండులో వాయించే మా పిన్ని కొడుకు అడిగితే మాత్రం యమహా వైఎస్‌ఎస్-475 లాంటిది, ప్యాడ్లు బాగున్నది చూసుకోమన్నాను. వాడికి పక్కన కీబోర్డు ఉంటుంది, పాడైతే ఆదివారం లోపల బాగుపడాలి, అక్కడ ఈ బిళ్లలు పోతే తెప్పించుకోవడం కష్టం. బుషర్ కంపెనీని 1963లోనే సెల్మర్ అనే ఇంకో వాయిద్యాల కంపెనీకి అమ్మేశారు గనక ఇక్కడైనా అసలు బిళ్లలు పాత వాయిద్యాలు విప్పేసినప్పుడే దొరుకుతాయి. నేనైతే నా కొలతలకు సరిపోయేవి కనిపించినప్పుడల్లా కొని దాచుకుంటున్నాను.