పెద్ద దేశం దాడి చేస్తే న్యాయం ఎక్కడ అడగాలి, ఏది మేలు?

మా కోనసీమలో కువైట్‌కి మనిషిని పంపని ఊరు తక్కువ, అందుకే 1990 గొడవ ఇక్కడ ఇప్పటికీ ఇంట్లో మాటే. ఇరాక్‌ని ఏలే సద్దాం సైన్యం ఆగస్టులో కువైట్‌లోకి దిగితే మనోళ్లు సామాను వదిలేసి, ఎడారిలో పడి జోర్డాన్ చేరి, అమ్మాన్‌లో విమానం ఎక్కి వచ్చేశారు. తర్వాత మన దేశం పనోళ్లకి పరిహారం కూడా వచ్చిందండి. ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 1991లో పరిహార కమిషన్ పెట్టి, ఇరాక్ అమ్ముకున్న చమురు డబ్బులోంచి వాటా కోసి, అలా పారిపోయి వచ్చినోళ్లకి తలకి 2,500 డాలర్ల నుంచి కట్టించింది. మొత్తం 5,240 కోట్ల డాలర్లు, ఆఖరి వాయిదా 2022 జనవరిలో కట్టారు.

అదే ఇరాక్ మీదకి 2003లో అమెరికా, బ్రిటన్ వెళ్లాయి కదా. భద్రతామండలి అనుమతి లేదు, ఉన్నాయన్న సామూహిక విధ్వంస ఆయుధాలు దొరకలేదు, అది చట్టవిరుద్ధమని అప్పటి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ 2004లో పైకే అనేశారు. మరి కమిషన్ ఏదీ? లేదు. పైగా 2003 మేలో పెట్టిన తీర్మానంలో ఇరాక్ తన చమురులో 5 శాతం కువైట్ బాకీకి కడుతూనే ఉండాలని రాశారు, అంటే తన మీద దాడి జరిగిన ఏడాది కూడా తను చేసిన పాత దాడికి జరిమానా కట్టిందన్నమాట, ఇంతకన్నా అన్యాయం ఉంటుందా చెప్పండి!

కాబట్టి బాధితుడి చేతికి డబ్బు అందాలంటే కమిషనే మేలు, డౌట్ లేదు, కాకపోతే దాని తాళం వీటో (ఒక్కరు కాదన్నా తీర్మానం ఆగిపోయే హక్కు) ఉన్న ఐదు దేశాల దగ్గరుంది. వాళ్లే దాడి చేస్తే ఇంకెక్కడికెళ్లాలి?

నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో ప్రపంచ న్యాయస్థానం ఉంది. మధ్య అమెరికాలోని చిన్న దేశం నికరాగ్వా అమెరికా మీద అక్కడికి వెళ్లింది, 1986లో గెలిచింది కూడా, రేవుల్లో మందుపాతరలు పెట్టడం, తిరుగుబాటుదార్లకి ఆయుధాలివ్వడం తప్పని తీర్పొచ్చింది. తీర్పు అమలు చేయమంటే అమెరికా వీటో వేసింది, చివరికి నికరాగ్వాలో కొత్తగా వచ్చిన ప్రభుత్వం 1991లో కేసే వదులుకుంది.

అక్కడే అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు ఇంకోటి. పుతిన్ మీద 2023లో వారెంట్ ఇచ్చింది, 2024లో ఆయన ఆ కోర్టు సభ్యదేశం మంగోలియాకి వెళ్తే అరెస్టు చేయాల్సింది పోయి రెడ్ కార్పెట్ వేశారు. అమెరికా సైనికులు అఫ్గానిస్థాన్‌లో చేసినవి తవ్వబోతే 2020లో ఆ కోర్టు ప్రాసిక్యూటర్ మీదే అమెరికా ఆంక్షలు పెట్టింది, తర్వాత వచ్చిన ప్రాసిక్యూటర్ ఆ భాగం పక్కన పెట్టేశాడు. (మన దేశం కూడా అందులో చేరలేదు లెండి, ఆ సంగతి మనం పెద్దగా మాట్లాడం.)

నా ఓటైతే దాడి చేసిన దేశపు సొంత కోర్టులకే, సొంత విచారణలకే. కారణం కాగితాలు. ఎవరు ఆర్డర్ వేశారో రాసున్న ఫైళ్లు వాళ్ల బీరువాల్లోనే ఉంటాయి, హేగ్ నుంచి ఉత్తరం రాస్తే ఎవడూ ఇవ్వడు. కెన్యాలో 1950ల్లో బ్రిటిష్ క్యాంపుల్లో చిత్రహింసలు పడ్డ మౌ మౌ (బ్రిటిష్ పాలన మీద తిరుగుబాటు) ముసలోళ్లు లండన్ కోర్టుకెక్కితే, దశాబ్దాలుగా దాచిన వలసపాలన ఫైళ్లు 2011లో బయటపడ్డాయి, 2013లో 5,228 మందికి 1.99 కోట్ల పౌండ్లతో సెటిల్ చేశారు. అఫ్గానిస్థాన్‌లో తమ సైనికులు 39 మందిని అక్రమంగా చంపారనడానికి నమ్మదగ్గ ఆధారాలున్నాయని 2020లో ఆస్ట్రేలియా వాళ్ల విచారణే చెప్పింది. ఇదీ శివారు చేలకి నీళ్లొచ్చినట్టే, ఆలస్యంగా, అరకొరగా, అదీ కిందోళ్ల వరకే. ఇరాక్ యుద్ధం మీద బ్రిటన్‌లో ఏడేళ్లు నడిచిన చిల్‌కాట్ విచారణ 2016లో రిపోర్టిచ్చింది, యుద్ధానికి దిగిన అప్పటి ప్రధాని బ్లెయిర్ మీద ఏ కేసూ పెట్టలేదు.

రష్యా విషయంలో నా లెక్క పనిచేయదు, ఉక్రెయిన్ వాడు మాస్కో కోర్టులో ఏం గెలుస్తాడు. వాళ్లకి మాత్రం హేగ్ వారెంటే గతి, అది పనిచేసినా చేయకపోయినా.