చాందా (చంద్రపూర్) ఎండకు తట్టుకునే నాలుగు వైన్ సీసాలు

బోర్డు మీద వైన్ షాపు అనే ఉంటుంది. లోపలికెళ్లి వైన్ అడిగితే మాత్రం కుర్రాడు స్టూలెక్కి పైఅరలో వెతుకుతాడు. చంద్రపూర్ జిల్లా బల్లార్షాలోనూ, రాజురాలోనూ చాలా చోట్ల ఇదే తంతు. మన దగ్గర వైన్ పాడయ్యేది ఆ పైఅరలోనే. బయట 46 డిగ్రీల ఎండ కాసే మే నెలలో, రేకుల కప్పు కింద, ట్యూబ్‌లైట్ పక్కన నెల రోజులు నిలబడ్డ సీసా ఏ కంపెనీదైనా ఒకటే, లోపల ఉడికిపోతుంది. అందుకే ముందు సీసాను చూడండి, పేరు తర్వాత.

కార్కు సీసా మూతి అంచు దాటి పైకి పొడుచుకొచ్చిందంటే వేడికి వైన్ ఉబ్బి దాన్ని నెట్టిందన్నమాట. పైనున్న రేకు కింద జిగట తగిలినా అదే కథ. తెల్ల వైన్ లేత గడ్డి రంగులో ఉండాలి, టీ రంగుకు తిరిగితే వదిలేయండి. సీసా మీద ద్రాక్ష కోత సంవత్సరం కూడా చదవండి. నాసిక్‌లో ద్రాక్ష కోత జనవరి నుంచి మార్చి దాకా, యూరప్‌లో సెప్టెంబర్ ప్రాంతంలో. అంటే ఒకే సంవత్సరం వేసున్నా మన సీసా ఆరేడు నెలలు పాతది. తెల్లవాటిలో రెండేళ్లు దాటినది ఈ ఊళ్లో కొనకండి. ఏడాదికి సరిపడా తెచ్చుకునేవాళ్లు నవంబర్, ఫిబ్రవరి మధ్య కొని ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పడుకోబెట్టుకోవడం మేలు.

ఇక సీసాలు. మొదటిది సులా కంపెనీ తెల్ల వైన్, షెనిన్ బ్లాంక్ (అది ద్రాక్ష రకం పేరు). నాసిక్ సరుకు, తిప్పి తీసే మరమూత, రుచిలో కాస్త తీపి. అనాసపండు వాసన, వెనకే సన్నగా తేనె. వైన్ తెలిసినవాళ్లు తీపి అని పెదవి విరుస్తారు గానీ, కారం తినే ఇంటికి ఇదే సరైనది. తీపి కారాన్ని అణుస్తుంది. ఆల్కహాల్, వగరు రెండూ కారాన్ని రగిలిస్తాయి. నాగపూర్ వైపు బాగా కారంగా వండే సావజీ మటన్ పక్కన ఘాటైన ఎర్ర వైన్ పెడితే నోరు మండిపోవడానికి కారణం ఇదే. సావజీకి ఈ తెల్లదే పోయండి, బాగా చల్లగా.

రెండోది అదే కంపెనీ ఇంకో తెల్లది, సావిన్యాన్ బ్లాంక్. మూత తీయగానే పచ్చి క్యాప్సికం కోసిన వాసన, గ్లాసు తిప్పితే దోరజామ. పులుపు గట్టిది, తీపి దాదాపు లేదు. పక్కన తినే దానికంటే వైన్ పులుపు తక్కువైతే వైన్ నీళ్లలా తేలిపోతుంది. అందుకే చింతపండు పోసిన చేపల పులుసు ముందు షెనిన్ నిలవదు, ఇది నిలుస్తుంది. పులుసులో బెల్లం వేసే అలవాటుంటే ఆ పూటకు మానేయండి. తీపి తగిలితే ఈ వైన్ చేదెక్కుతుంది.

ఎర్రవాటిలో సులా దిండోరి రిజర్వ్ షిరాజ్. దిండోరి నాసిక్ జిల్లాలోని తాలూకా. నేరేడు పండు, దంచిన మిరియాలు, ఓక్ పీపా ఇచ్చే కాస్త పొగ వాసన. వగరు నేరేడు గింజ కొరికినట్టు ఉంటుంది గానీ నాలుక పిడచకట్టదు. కారం తగ్గించి మిరియాలతో చేసిన మటన్ వేపుడు, జొన్న రొట్టెతో దీనికి వంక లేదు.

నాలుగోది ఫ్రాటెల్లి సెట్టె, సోలాపూర్ జిల్లా అక్లూజ్‌ది. సాంజోవేజె, కాబెర్నే సావిన్యాన్ అనే రెండు ద్రాక్ష రకాలు కలిపినది. సెట్టె అంటే ఇటాలియన్‌లో ఏడు. నాలుగింటిలో ఖరీదైనదీ ఇదే, పనితనం ఎక్కువున్నదీ ఇదే. పుల్ల చెర్రీ, ఎండు పొగాకు, మింగాక కూడా చాలాసేపు నిలిచే రుచి. మూత తీసి వెంటనే పోస్తే వాసన, రుచి బిగుసుకుని ఉంటాయి. వెడల్పు మూతి జగ్గులోకి వంచి, అరగంట ఆగండి. మూత తీయగానే తడి అట్టపెట్టె వాసన వస్తే అది కార్కు దోషం. ఎంతసేపు గాలికి ఉంచినా పోదు, షాపుకు తిరిగివ్వాల్సిందే. అగ్గిపుల్ల గీసినట్టో, కుళ్లిన గుడ్డులానో వస్తే మాత్రం భయపడకండి, తిప్పుతూ ఉంటే పది నిమిషాల్లో చాలావరకు తగ్గుతుంది.

ఎర్ర వైన్ గది వేడిమిలో తాగాలన్న మాట చలిదేశపు గదులకు చెల్లుతుంది. కూలర్ తిరుగుతున్నా 34 డిగ్రీలున్న మన హాల్లో చెల్లదు. ఆ వేడిలో షిరాజ్‌లో సారా ఘాటే ముక్కుకు కొడుతుంది. ఎర్రది 16 నుంచి 18, తెల్లది 8 నుంచి 10 డిగ్రీలు ఉండాలి. ఫ్రిజ్‌లో ఎర్రదానికి గంటన్నర, తెల్లదానికి నాలుగు గంటలు. తొందరైతే బకెట్లో సగం ఐసు, సగం నీళ్లు, గుప్పెడు ఉప్పు వేసి సీసాను మెడ దాకా ముంచితే తెల్లదానికి అరగంట చాలు. ఒట్టి ఐసు వేస్తే సీసాకు అంటుకోదు, నీళ్లు ఉండాల్సిందే. ఒకసారికి 100 మిల్లీలీటర్లకు మించి పోయకండి, గ్లాసులో పది నిమిషాల్లోనే వేడెక్కుతుంది. నలుగురు కూర్చుని రుచి చూడటానికైతే తలకు 50 చాలు, తెల్లవి ముందు, ఎర్రవి తర్వాత.

చంద్రపూర్ జిల్లాలో 2015 నుంచి 2021 దాకా ఉన్న మద్యనిషేధం ఎత్తేశారు గానీ, పక్కనే గడ్చిరోలిలో 1993 నుంచి నిషేధమే. ఆ జిల్లాలోని సిరొంచ చుట్టాలింటికి సీసా పట్టుకెళ్లకండి. పర్మిట్ లేకుండా తెలంగాణ వైపు దాటించినా ఎక్సైజ్ వాళ్లతో చిక్కే.

మూత తీసిన తెల్లది ఫ్రిజ్‌లో రెండు రోజులు, ఎర్రది మూడు రోజులు బాగుంటాయి. నాలుగో రోజుకు షిరాజ్ మిగిలితే అరకిలో మటన్‌కు 100 మిల్లీలీటర్లు పోసి అరగంట నానబెట్టండి. అందులో మళ్లీ పెరుగు కలపకండి.