పాట వినడానికే తిరుపతి

2025 మార్చిలో, అన్నమయ్య సంకీర్తనలకు పేరుపడ్డ గాయకులు గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారు పోయారని అమ్మ ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను అమెరికాలో, ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో ఒక కిరాణా కొట్టు పార్కింగ్‌లో ఉన్నాను. సామాన్లు కారులో పెట్టి, చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. అంతకుముందు ఐదారేళ్లుగా అమ్మది ఒకటే మాట. "ఒక్కసారి వచ్చి ఆయన పాట ఎదురుగా కూచోని వినేసి పో మ్మా. మళ్ళీ మళ్ళీ దొరికేది కాదు." నేను ప్రతిసారీ వచ్చే ఏడు వస్తాలే అనేదాన్ని. పిల్ల బడి అనో, వీసా అనో, సెలవులు లేవనో ఏదో ఒకటి అడ్డం వచ్చేది.

ఈ ఏడాది అన్నమయ్య వర్ధంతికి తిరుపతిలో ఉండి తీరాలని ఆ రోజే అనుకున్నాను. దర్శనం దొరికితే అదృష్టం, దొరక్కపోతే మళ్ళీ వస్తాం. ఈసారి రావడం మాత్రం పాట కోసమే.

వర్ధంతి ఫాల్గుణ బహుళ ద్వాదశి నాడు వస్తుంది, అంటే ఉగాదికి మూడు నాలుగు రోజుల ముందు. ఒహాయోలో పిల్లలకు వసంతకాలం సెలవులు కూడా మార్చిలోనే. వాటికి ఇంకో వారం కలిపి, పన్నెండేళ్ల మా అమ్మాయిని తీసుకుని ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా చెన్నైలో దిగాను. అక్కడి నుంచి టాక్సీలో తిరుత్తణి, నగరి, పుత్తూరు మీదుగా వచ్చాం. పుత్తూరులో ఎముకల కట్టు కట్టే వైద్యశాలల బోర్డులు చూసి మా అమ్మాయి అడిగిన ప్రశ్నలకు జవాబులు చెప్పేసరికి రేణిగుంట రానే వచ్చింది. రైల్లో రావాలనుకుంటే చెన్నై సెంట్రల్ నుంచి సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఉంది. కానీ ఇరవై గంటలు విమానంలో కూర్చున్నాక పెట్టెలు మోసుకుంటూ ఇంకో స్టేషన్‌కి పోవడం మా వల్ల కాలేదు. టాక్సీ డబ్బులు వృథా అని నాకు అనిపించలేదు.

చేసిన తప్పు ఒకటుంది, అది చెప్పాలి. అమ్మ ఉండేది చిత్తూరులో, తమ్ముడి దగ్గర. కచేరీలు ముగిసేసరికి రాత్రి అవుతుంది. ఆ వేళప్పుడు డెబ్బై కిలోమీటర్లు వెనక్కి పోవడం అమ్మకు కష్టమని తిరుపతిలోనే గది తీసుకున్నాం. మొదటి రెండు రోజులకు బస్టాండు దగ్గర ఒక ప్రైవేటు హోటల్లో నేను కొలంబస్ నుంచే బుక్ చేశాను. తెల్లవారుజామున నాలుగింటికి వస్తామని ఫోన్ చేసి చెప్పాను, సరేనన్నారు. తీరా వస్తే గది ఖాళీ కాలేదన్నారు. ఏడున్నర దాకా లాబీలో సోఫా మీద, అమ్మాయి తల నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. దాంతో ఆ రోజు సాయంత్రం కచేరీలో సగం నిద్రపోయాను. ఇంత దూరం వచ్చి మొదటి కచేరీ పోగొట్టుకున్నానే అన్న బాధ ఇప్పటికీ ఉంది. విదేశాల నుంచి వచ్చేవాళ్లు దిగిన రోజు ఏ కార్యక్రమమూ పెట్టుకోకండి. ఒక రోజంతా పడుకోండి.

మిగతా రోజులకు తమ్ముడు విష్ణునివాసంలో గది తీసి ఉంచాడు. దేవస్థానం వసతి, రైల్వే స్టేషన్‌కి ఎదురుగా ఉంటుంది. ఆన్‌లైన్‌లో నెలల ముందే విడుదల చేస్తారు కాబట్టి ఆ రోజు గుర్తుపెట్టుకుని కూర్చోవాలి. ఆడంబరం ఏమీ లేదు. రెండు మంచాలు, వేడినీళ్లు, శుభ్రమైన దుప్పట్లు. కిందికి దిగితే ఆటోలు, ఎదురుగా టిఫిను. పొద్దున్నే ఎర్రకారం దోసె, పొంగణాలు తిని బయటపడేవాళ్లం. పాట కోసం వచ్చేవాళ్లకు ఇంతకన్నా అక్కర్లేదని నా అభిప్రాయం.

నాకు సంగీతం విదేశంలో దొరకలేదని కాదు. కొలంబస్ నుంచి క్లీవ్‌లాండ్ రెండుంపావు గంటల దారి. 1978 నుంచి అక్కడ త్యాగరాజ ఆరాధన జరుగుతోంది. ఈస్టర్ ప్రాంతంలో పది రోజులకు పైగా, క్లీవ్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీలో. పెద్ద పెద్ద విద్వాంసులు వస్తారు. నేను పదేళ్లుగా ఒక్క ఏడాది కూడా మానలేదు. ఏ రోజు ఎవరు పాడతారో ముందే తెలుస్తుంది, సౌండ్ బాగుంటుంది, బయట మంచు పడుతున్నా లోపల పట్టుచీరల్లో వందల మంది త్యాగరాజ పంచరత్న కీర్తనలు గొంతు కలిపి పాడతారు. పరాయి గడ్డ మీద మనవాళ్లు ఇన్నేళ్లు అది నిలబెట్టడం చిన్న విషయం కాదు. మా అమ్మాయికి కర్ణాటక సంగీతం మీద ఇష్టం కలిగింది అక్కడే. తిరుమల ఆలయం ఎదుట సాయంత్రాలు జరిగే సంగీత కార్యక్రమం నాదనీరాజనం కూడా టీవీలో చూస్తాం. ఇక్కడ సాయంత్రం ఆరైతే మాకు పొద్దున ఎనిమిదిన్నర. అమ్మాయిని బడి దగ్గర దింపే దారిలో ఫోన్‌లో పెట్టుకుని వింటాం.

అదే నాదనీరాజనం వేదిక ముందు నిజంగా కూర్చున్నప్పుడు తెలిసింది, టీవీలో మాకు ఎంత రావడం లేదో. రెండో రోజు మధ్యాహ్నం బస్సులో కొండెక్కాం. అలిపిరి దగ్గర సామాన్ల తనిఖీ ఉంటుంది. కొండ మీదికి ప్లాస్టిక్ సీసాలు తీసుకుపోనివ్వరు, స్టీలు సీసా పెట్టుకోండి. ఆలయం ఎదుటే వేదిక. టికెట్ లేదు, టోకెన్ లేదు, వచ్చి కూర్చోవడమే. పాడే అమ్మాయి ముఖారి రాగం ఎత్తుకుంది. వెనక నుంచి తప్పిపోయిన పెద్దాయన కోసం మైకులో పిలుస్తున్నారు. తెలుగు, తమిళం, కన్నడం, హిందీ, వరసగా నాలుగు భాషల్లో. గుండు చేయించుకున్న ఒక పిల్లాడు తడి బట్టలతో వచ్చి మా పక్కన చతికిలపడ్డాడు. వాళ్ళ నాన్న నిలబడే పది నిమిషాలు విని, దండం పెట్టి, వాణ్ణి భుజాన ఎత్తుకుని వెళ్లిపోయాడు. వింటున్నవాళ్లలో సగం మంది దారిన పోతూ ఆగినవాళ్లే. తాళం వేసేవాళ్లు తాళం వేస్తున్నారు, లడ్డూ సంచి ఒళ్ళో పెట్టుకున్నవాళ్లు కళ్ళు మూసుకున్నారు. పాట మొత్తం శ్రద్ధగా వినాలంటే ఇది సరైన చోటు కాదు, అది ఒప్పుకోవాలి. చుట్టూ సందడి ఎక్కువ. కానీ ఎవరి ఊళ్లో పుట్టిన పాట వాళ్ళ గుమ్మంలో ఎలా వినిపిస్తుందో చూడాలంటే ముందు ఇక్కడికే రండి.

ద్వాదశి నాటి సాయంత్రం మళ్ళీ కొండ మీదే, నారాయణగిరి ఉద్యానవనంలో గోష్ఠిగానం. శ్రీదేవి భూదేవులతో మలయప్పస్వామిని ఊరేగింపుగా తీసుకొస్తారు. ఏడు కొండలకు గుర్తుగా ఏడు సంకీర్తనలు కళాకారులంతా కలిసి పాడతారు. అమ్మ ప్రతి పల్లవికీ గొంతు కలిపింది. ఆమె ఒకప్పుడు తిరుపతి సంగీత కళాశాలలో నేర్చుకుంది. 1959లో పెట్టిన కళాశాల అది. మోకాళ్ల నొప్పితో కింద కూర్చోలేక ఒక చెట్టుకు ఆనుకుని నిలబడే పాడింది. పెద్దవాళ్లను తీసుకొచ్చేవాళ్లు మడత కుర్చీ ఒకటి వెంట తెచ్చుకోవాలి, నాకు ఆ ఆలోచన రాలేదు. తిరుగు ప్రయాణం కూడా ముందే చూసుకోవాలి. రాత్రిపూట కొన్ని గంటలు ఘాట్ రోడ్డు మూసేస్తారు. పైన గది లేకుండా ఉండిపోతే పెద్దవాళ్లతో ఇబ్బంది.

మధ్యలో ఒక రాత్రి తమ్ముడు పట్టుబట్టి ఊళ్లో ఒక కళ్యాణ మండపంలో జరిగిన సినిమా పాటల కార్యక్రమానికి తీసుకెళ్లాడు. టికెట్ కొన్నాం. మొదటి నాలుగు వరసలూ చివరి నిమిషంలో ఎవరెవరికో వదిలేశారు, మా నంబర్ల సీట్లలో వేరేవాళ్లు కూర్చున్నారు. గంటన్నర ఆలస్యం. ఆ స్పీకర్ల మోతకు అమ్మ చెవులు మూసుకుంది. పాడినవాళ్లు బాగా పాడారు, వాళ్ల తప్పేం లేదు. కానీ నిర్వాహకులు డబ్బు తీసుకున్నాక ఆ మాత్రం మర్యాద చూపించాలి. మేం మధ్యలోనే లేచి వచ్చేశాం.

నాకు అన్నిటికన్నా విలువైనది దొరికింది అన్నమాచార్య కళామందిరంలో. మహతి కూడా మంచి హాలే, పెద్దది, చల్లగా ఉంటుంది, పెద్ద కచేరీలకు అదే సరి. కానీ నన్ను ఏది ఎంచుకోమన్నా కళామందిరమే అంటాను. వర్ధంతి రోజుల్లో అక్కడ పొద్దునా సాయంత్రమూ సంగీతం ఉంటుంది. మేం వెళ్లిన ఒక పొద్దుటి పూట యాభై మంది కూడా లేరు. వేదికకు మూడో వరసలో కూర్చుంటే పాడేవాళ్లు ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తోంది.

మా అమ్మాయి పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. ఒళ్ళో ఖాకీ అట్ట వేసిన లాంగ్ నోట్‌బుక్. అంచులు మెత్తబడి, మధ్యలో దారంతో కుట్టి ఉంది. పాట మొదలుకాగానే పేజీ తిప్పి, సరిగ్గా ఆ సంకీర్తన దగ్గర ఆపింది. మా అమ్మాయికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం కూడబలుక్కుంటూ వస్తుంది. ఆవిడ అది గమనించినట్టుంది. పుస్తకం కొంచెం పిల్ల వైపు జరిపి, పాటతో పాటు అక్షరాల కింద వేలు నడిపించింది. నీలం సిరాతో రాసిన సాహిత్యం, పక్కన ఎర్ర సిరాతో రాగం, తాళం, గమకం, అంటే స్వరాన్ని ఊపి పలకడం, లాగాల్సిన చోట చిన్న వంపు గీత. రెండో చరణం వచ్చేసరికి మా అమ్మాయి పెదవులు కదులుతున్నాయి.

కచేరీ అయ్యాక ఆవిడతో మాట్లాడాం. "ఇవన్నీ నేర్చుకున్నప్పుడు రాసుకున్నెవి మ్మా. పుస్తకాల్లో మాట ఉంటాది, బాణీ ఎట్లుంటాదో ఎవురన్నా పాడి చెప్పాల్సిందే కదా" అంది. ఆ మాట ఎంత నిజమో నాకు అక్కడే తట్టింది. అన్నమయ్య ఇంటివాళ్లు, తాళ్ళపాక వారు చెక్కించిన రాగిరేకుల మీద పాట ఉంది, పాట పైన రాగం పేరు ఉంది, స్వరం లేదు. అన్నమయ్య 1503లో పోయాడు. మనం ఇప్పుడు వింటున్న బాణీల్లో ఎక్కువ భాగం నిన్న మొన్నటి పెద్దలు కట్టినవే. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, బాలకృష్ణప్రసాద్ వంటివాళ్లు. 'వినరో భాగ్యము విష్ణుకథ'కు బాలకృష్ణప్రసాద్ గారు కట్టిన బాణీ తెలియని తెలుగు ఇల్లు ఉంటుందా? 1978లో దేవస్థానం మొదలుపెట్టిన అన్నమాచార్య ప్రాజెక్టులో ఆయన ఏళ్ల తరబడి పాడుతూ, నేర్పుతూ గడిపారు. కాబట్టి తిరుపతిలో చిన్న హాల్లో మన పక్కన కూర్చున్న మనిషి ఆ బాణీ కట్టినవాళ్ల నోటి నుంచే నేర్చుకుని ఉండవచ్చు. ఈవిడ అలాంటి ఆవిడే. ఆయన తరగతిలో కూర్చుని నేర్చుకున్నానని చెప్పి, రెండు పంక్తులు మెల్లగా పాడి వినిపించింది. ఆయన ఒక చోట ఎలా ఆగేవారో, ఆ ఆగడంతో సహా.

అది విన్నాక నాకు కళ్ళలో నీళ్లాగలేదు. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఊరుకుంది. ఎందుకు రాలేదే అని ఒక్క మాట కూడా అనలేదు.

ఆవిడ అనుమతితో మా అమ్మాయి ఆ పుస్తకంలో పదకొండు పేజీలు ఫోటో తీసుకుంది. పూర్ణకుంభం సర్కిల్‌లో ఎమ్మెస్ సుబ్బులక్ష్మి విగ్రహం దగ్గర ఆటో ఆపించి మొక్కడం అమ్మకు అలవాటు. దేవస్థానం కోసం ఆమె పాడిన బాలాజీ పంచరత్నమాల అమ్మకు ప్రాణం. ఆ రోజు అక్కడ ఆగినప్పుడు కూడా మా అమ్మాయి ఫోన్‌లో ఆ పేజీలే పెద్దవి చేసుకుని కూడబలుక్కుంటోంది.

వచ్చేవాళ్లకు ఇంకొక మాట. ఏ రోజు ఎక్కడ ఎవరు పాడతారన్న వివరం క్లీవ్‌లాండ్‌లోలా చాలా ముందుగా చేతికి రాదు. మేం పేపర్లో జిల్లా పేజీలు చూసుకుని, కళామందిరానికి స్వయంగా వెళ్లి అడిగి తెలుసుకున్నాం. అక్కడివాళ్లు ఓపిగ్గా చెప్పారు. అందుకని రెండు మూడు రోజులు ఖాళీగా పెట్టుకుని రావాలి. ఒక్క పూట కోసం ఆత్రంగా వస్తే నిరాశ తప్పదు. రాజంపేట దగ్గర తాళ్ళపాకకు కూడా వెళ్లాలనుకున్నాం, అమ్మ మోకాళ్లు ఒప్పుకోలేదు.

ఉగాదికి చిత్తూరు చేరుకున్నాం. పచ్చడి తిన్నాక తమ్ముడు కొత్త పంచాంగం తెచ్చి అమ్మ చేతికిచ్చాడు. ఎప్పుడూ రాశిఫలాలు చూసే అమ్మ, ఈసారి కళ్లజోడు సర్దుకుని చివరి పేజీలకు వెళ్లి ఫాల్గుణం వెతికింది. వచ్చే ఏడు బహుళ ద్వాదశి ఏప్రిల్ మొదట్లో పడింది. క్లీవ్‌లాండ్ ఆరాధన కూడా దాదాపు అప్పుడే ఉంటుంది, ఆ సంగతి అమ్మకు తెలుసు. నా వైపు చూసింది. "ఇక్కడికే వస్తాం మా" అన్నాను. తమ్ముడి కొడుకు బడి సంచిలోంచి పెన్సిల్ తెప్పించుకుని ఆ తేదీ కింద గీత గీసింది.