ఇంట్లో గోల్ఫ్ సాధన: పట్టింగా, చిప్పింగా? ఏది మేలు?

కోర్సుకు వారానికి ఒకసారి వెళ్లడమే గగనం. మిగతా రోజుల్లో చేతులు ఊరుకోవు. అందుకే చాలామంది హాల్లో ఒక మ్యాటో, గది మూలన ఒక నెట్టో పెట్టుకుంటారు. ఉన్నది పదడుగుల నేల, దొరికేది రోజుకు ఇరవై నిమిషాలు. ఆ కాస్త సమయం పట్టింగ్‌కు (గ్రీన్ మీద, అంటే హోల్ చుట్టూ ఉండే పొట్టి గడ్డి మీద బంతిని దొర్లించడం) ఇవ్వాలా, చిప్పింగ్‌కు (గ్రీన్ పక్క నుంచి బంతిని కొంచెం ఎగరేసి హోల్ వైపు దొర్లనివ్వడం) ఇవ్వాలా? ఏ సామాను కొనాలి, ఏది దండగ?

నా మాట ముందే చెప్పేస్తాను. పదిహేను నిమిషాలు పట్టింగ్‌కు, ఐదు నిమిషాలు చిప్పింగ్‌కు. పార్ 72 కోర్సులో, అంటే 18 హోల్స్‌ను 72 దెబ్బల్లో ముగించాలన్న చోట, హోల్‌కు రెండేసి చొప్పున 36 దెబ్బలు గ్రీన్ మీదే లెక్కగట్టి ఉంటాయి కాబట్టి పట్టింగ్ ముఖ్యమని అందరికీ తెలిసిందే. నేను దాన్ని ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. కొట్టిన దెబ్బ బాగుందో లేదో అక్కడికక్కడే తేలితేనే సాధన వల్ల లాభం. పట్టింగ్‌లో ఇల్లు ఆ తీర్పు బాగా చెబుతుంది. చిప్పింగ్‌లో మాత్రం చాలాసార్లు మొహమాటానికి పోతుంది.

పట్టింగ్: స్కేలు, మ్యాట్, అద్దం

పట్ పడాలంటే మూడు కుదరాలి. గ్రీన్ వాలు సరిగ్గా చదవాలి, బంతి అనుకున్న గీత మీద బయలుదేరాలి, దానికి తగిన వేగం ఉండాలి. మొదటిది ఇంట్లో రాదు, ఆశ వదిలేసుకోండి. మ్యాట్ కింద పుస్తకాలు పెట్టి వాలు తెప్పించేవాళ్లు ఉన్నారు. సరదాకు బాగానే ఉంటుంది కానీ, ఒకే వాలు మీద పదిసార్లు కొట్టేసరికి అది కాస్తా కంఠతా వచ్చేస్తుంది. చదవడం మాత్రం రాదు.

రెండోది, అంటే బంతి బయలుదేరే దిశ, కోర్సు మీదకంటే ఇంట్లోనే బాగా కుదురుతుంది. గ్రీన్ మీద పట్ తప్పితే వాలు తప్పు చదివామా, వేగం తగ్గిందా, పట్టర్ (పట్ కొట్టే కర్ర) ఫేస్, అంటే బంతికి తగిలే ముఖం, పక్కకు తిరిగిందా అన్నది తేలదు. మొదటి రెండింటి మీదకు నెట్టేసి ఫేస్‌ను వదిలేస్తాం. సమతలంగా ఉన్న గదిలో ఆ సాకులు చెల్లవు. బయలుదేరే దిశలో సింహభాగం ఫేస్‌దే. పట్టర్ ఊగిన దారికి ఉన్న వాటా చాలా తక్కువ.

ఒక చిన్న లెక్క చూడండి. ఫేస్ ఒక్క డిగ్రీ పక్కకు తిరిగినా పది అడుగుల దగ్గర బంతి రెండు అంగుళాల పైచిలుకు పక్కకు పోతుంది. హోల్ వ్యాసం 4.25 అంగుళాలు, అంటే మధ్య నుంచి అంచుకు రెండు అంగుళాల పైచిలుకే. ఒక డిగ్రీ తప్పితే బంతి సరిగ్గా అంచు మీద ఉంటుందన్నమాట. అమెరికా ప్రొఫెషనల్ పోటీలైన పీజీఏ టూర్ ఆటగాళ్లకే ఎనిమిది అడుగుల నుంచి సుమారు సగం పట్‌లే పడతాయంటే ఆశ్చర్యం ఏముంది?

ఇక్కడే నాకు బాగా నచ్చిన సామాను వస్తుంది: మీటరు పొడవున్న స్టీలు స్కేలు. మూడు సెంటీమీటర్ల వెడల్పున్నదైతే చాలు. దాన్ని నేల మీద పరిచి, ఒక చివర బంతి పెట్టి, మెల్లగా పట్టర్‌తో నెట్టండి. బంతి చివరిదాకా స్కేలు మీదే దొర్లితే మీ దిశ ఒక డిగ్రీ లోపే ఉన్నట్టు. అదే దిశలో సమతలమైన గ్రీన్ మీద పది అడుగులు వెళ్తే బంతి సుమారు నాలుగున్నర సెంటీమీటర్లకు మించి పక్కకు పోదు. హోల్ మధ్య నుంచి అంచుకు 5.4 సెంటీమీటర్లు. వేగం మరీ ఎక్కువ కాకపోతే బంతి లోపలే. సగంలో టక్కుమని జారి పడిపోయిందా, వాదించడానికేమీ లేదు. ఎటు పడిందో చూస్తే ఫేస్ తెరుచుకుందో మూసుకుందో కూడా తెలుస్తుంది. కుడిచేతి వాటం వాళ్లకు కుడివైపు పడితే తెరుచుకున్నట్టు.

మొదట్లో చిరాకు పుడుతుంది. బంతిని స్కేలు మీద నిలబెట్టడమే ఒక పని. కొద్దిగా వెనక్కి, చిన్న చుక్క తడి పెట్టిన చోట ఉంచితే కదలదు.

మ్యాట్ సంగతి వేరు. చూడ్డానికి గ్రీన్‌లా ఉంటుంది, కాళ్ల కింద హాయిగా ఉంటుంది. కానీ కొనేటప్పుడు రెండు విషయాలు చూసుకోవాలి. ఒకటి, నూలు వాలు, అంటే పోగులు ఏ వైపుకు వంగి ఉన్నాయన్నది. బంతిని ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు ఒకే బలంతో వదిలి చూడండి. దూరాల్లో పెద్ద తేడా ఉంటే ఆ మ్యాట్ మీకు వేగం తప్పుగా నేర్పుతుంది. రెండోది, చివర్లో ఉండే ఎత్తు. చాలా మ్యాట్లలో కప్పు ఒక చిన్న గట్టు మీద ఉంటుంది. కప్పు చేరాలంటే బంతి ఆ గట్టెక్కాలి. నెమ్మదిగా, సరిగ్గా కొట్టిన పట్ గట్టు దగ్గర ఆగి వెనక్కి దొర్లుకుంటూ వస్తుంది. గట్టిగా గుద్దినది టప్పున పడుతుంది. పది రోజులు ఇలా చేస్తే గ్రీన్ మీద ప్రతి పట్ హోల్ దాటి మూడు నాలుగు అడుగులు పోవడం మొదలవుతుంది. పైగా వేగంగా వచ్చే బంతికి హోల్ చిన్నదైపోతుంది. మెల్లగా వచ్చేది అంచు తగిలినా లోపల పడుతుంది, దూసుకొచ్చేది అంచు తిరిగి బయటికి పోతుంది.

బంతిని వెనక్కి పంపే యంత్రాల మీద నాకు మోజు లేదు. నిలబడ్డ చోటు నుంచి కదలకుండా యాభై కొట్టేయొచ్చు, అదే దాంతో వచ్చిన చిక్కు. ప్రతి పట్‌కూ పక్కకు వెళ్లి, వెనక నుంచి గీత చూసుకుని, మళ్లీ కాళ్లు సర్దుకుని కొట్టడమే అసలు అలవాటు. కోర్సు మీద ఒకే చోట నుంచి రెండో అవకాశం ఎవరూ ఇవ్వరు. అందుకే డజను బంతులకంటే ఒక్క బంతి మేలు. దాన్ని తెచ్చుకోవడానికి నడవాల్సి రావడం కూడా సాధనలో భాగమే అనుకోండి.

వంపు తిరిగిన చిన్న ర్యాంపు ఉండి, బంతిని దాని వేగాన్ని బట్టి వెనక్కి దొర్లించే సాధనాలు మాత్రం ఫర్వాలేదు. బంతి ఎంత దూరం వెనక్కి వచ్చిందో, హోల్ తప్పితే ఇంచుమించు అంత దూరం ముందుకు పోయేదన్నమాట. వేగం గురించి ఇంట్లో దొరికే కాస్త నిజం అదే.

పట్టింగ్ అద్దం నిలబడే తీరును సరిచేస్తుంది. కళ్లు బంతికి సరిగ్గా పైన గానీ, కొంచెం లోపలికి గానీ ఉన్నాయా, భుజాలు గీతకు సమాంతరంగా ఉన్నాయా అని చూసుకోవచ్చు. నెలకోసారి చూసుకుంటే సరిపోయే విషయం ఇది. ముక్కు పై భాగం నుంచి ఒక బంతి వదిలి ఎక్కడ పడుతుందో చూసినా సగం పని అయిపోతుంది. కాబట్టి అద్దం కొనకపోయినా నష్టం లేదు.

స్కేలుకు తోడుగా ఒకటి చేర్చుకోవచ్చంటే అది గేటు. పట్టర్ తలకు అటూ ఇటూ వేలి మందం సందు వదిలి రెండు అగ్గిపెట్టెలు నిలబెట్టండి. పట్టర్ వాటికి తగలకుండా వెళ్తే బంతి ఫేస్ మధ్యలోనే తగులుతున్నట్టు. టైగర్ వుడ్స్ గ్రీన్ మీద రెండు టీలు (బంతిని నిలబెట్టే చిన్న మేకులు) గుచ్చి చేసే సాధన ఇదే. టైల్స్‌లో టీ దిగదు కాబట్టి అగ్గిపెట్టెలు.

కార్పెట్టా, టైల్సా?

కార్పెట్టే. నున్నటి టైల్స్ మీద బంతి ఆగదు. అక్కడ స్కేలు పని ఒక్కటే చేసుకోవాలి. పొట్టి నూలు కార్పెట్ మీద దూరాల సాధనకు కొంత వీలుంటుంది. కాకపోతే అది మీ కోర్సు గ్రీన్ కంటే వేగమో నిదానమో తెలుసుకోవాలి.

దానికి పెద్ద పరికరం అక్కర్లేదు. 1935లో ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే ఆయన గ్రీన్ వేగం కొలవడానికి ఒక సాధనం తయారు చేశాడు. దాన్ని స్టింప్‌మీటర్ అంటారు. మూడడుగుల పొడవున్న కడ్డీలో గాడి ఉంటుంది, ఒక చివరను ఎత్తుతూ పోతే సుమారు 20 డిగ్రీల దగ్గర బంతి దానంతటదే జారి దొర్లుతుంది. ఎన్ని అడుగులు వెళ్తే అంత వేగం. ఇంట్లో ఒక గట్టి అట్టముక్కను మధ్యకు మడిచి గాడి చేసి, ఒకే ఎత్తున్న పుస్తకాల మీద వాల్చి బంతి వదిలినా సరిపోతుంది. అసలు స్టింప్ అంకె రాదు, కానీ అదే అట్టను కోర్సుకు తీసుకెళ్లి ప్రాక్టీసు గ్రీన్ మీద వదిలితే ఇంటికీ గ్రీన్‌కూ ఉన్న తేడా అడుగుల్లో కనిపిస్తుంది. జనం వింతగా చూస్తారు, చూడనివ్వండి.

చిప్పింగ్: మ్యాట్ చేసే మోసం

చిప్పింగ్‌లో నేర్చుకోవాల్సింది ముఖ్యంగా రెండు: క్లబ్ (గోల్ఫ్ కర్ర) ముందు బంతికి తగిలి ఆ తర్వాతే నేలకు తగలడం, బంతి అనుకున్న చోట పడడం. మొదటిదాని విషయంలో మ్యాట్ నిలువునా ముంచుతుంది. బంతిని ఎత్తుగా లేపే క్లబ్ వెడ్జ్. దాని అడుగు భాగం కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది, దాన్నే బౌన్స్ అంటారు. గట్టి నేల మీద పరిచిన మ్యాట్‌కు క్లబ్ బంతికి రెండంగుళాలు వెనక తగిలినా, ఆ ఉబ్బు వల్ల లోపలికి దిగకుండా జారుకుంటూ వచ్చి బంతిని కొట్టేస్తుంది. బంతి చక్కగా లేస్తుంది, మీరు మురిసిపోతారు. అదే దెబ్బ మెత్తటి గడ్డి మీద పడితే క్లబ్ మట్టిలో దిగబడి బంతి రెండడుగులు కదిలి ఆగిపోతుంది.

మందు సులువు. చిన్న టవల్ మడిచి బంతికి బెత్తెడు వెనక పెట్టండి. టవల్ కదలకుండా బంతి వెళ్తేనే లెక్క. టవల్ క్లబ్‌కు చుట్టుకుని ముందుకొచ్చిందంటే మ్యాట్ ఇన్నాళ్లూ దాచిపెట్టింది బయటపడినట్టే. నా దృష్టిలో ఏ చిప్పింగ్ నెట్ కన్నా ఈ టవలే ఎక్కువ పని చేస్తుంది.

బంతుల్లో మూడు రకాలు దొరుకుతాయి. చిల్లుల ప్లాస్టిక్ బంతి గాలిలో వెంటనే వేగం కోల్పోతుంది, బాగా తగిలినా ఓ మోస్తరుగా తగిలినా ఇంచుమించు అక్కడే పడుతుంది. పూర్తి స్వింగ్ ఆడడానికి అది ఉండొచ్చు, చిప్పింగ్‌కు దండగ. ఫోమ్ బంతి నయం. తగిలిన తీరు చేతికి అంతగా తెలియకపోయినా, బయలుదేరే ఎత్తు, పడే చోటు ఏడెనిమిది అడుగుల్లో బాగానే కనిపిస్తాయి. అన్నిటికంటే నిజం చెప్పేది అసలు బంతే. కానీ 45 గ్రాముల గట్టి బంతికి వెడ్జ్ అంచు తగిలితే అది లేవదు, నేలబారుగా, మీరు అనుకున్నదానికి ఎన్నో రెట్ల వేగంతో పోతుంది. టీవీ ఏ ఎత్తులో ఉందో ఒకసారి చూసుకోండి.

ఎంచుకోవాల్సి వస్తే రోజూ ఫోమ్ బంతి. అసలు బంతి కావాలనిపిస్తే ఎదురుగా మందపాటి దుప్పటి వదులుగా వేలాడదీసి, 8 ఐరన్‌తో (వెడ్జ్ కంటే తక్కువ ఎత్తు లేపే క్లబ్) చిన్న చిప్‌లు మాత్రమే. దుప్పటి గోడకు ఆనకూడదు, బిగుతుగానూ ఉండకూడదు. వదులుగా ఉంటే బంతి అందులో ఇంకిపోయి కిందపడుతుంది, బిగించిన నెట్ అయితే మీ మీదకే తిరిగొస్తుంది. 60 డిగ్రీల వెడ్జ్‌తో ఎత్తుగా లేపే షాట్లు గదిలో వద్దు. పైకప్పు, ఫ్యాను, ఇంట్లోవాళ్ల సహనం, అన్నిటికీ ఒక హద్దు ఉంటుంది.

గురి దేనికి పెట్టాలన్నది ఇంకో ప్రశ్న. నిలబెట్టిన నెట్‌లో ఏ బంతైనా పడుతుంది, కాబట్టి అది ఏమీ చెప్పదు. బుట్టలో వేయడం బాగుంటుంది గానీ బంతిని ఎత్తుగా లేపే అలవాటు చేస్తుంది. చిప్ అంటే కొంచెం ఎగిరి ఎక్కువ దొర్లాలి. అందుకే ఆరడుగుల దూరంలో నేల మీద చేతిరుమాలు పరిచి బంతి మొదటిసారి దాని మీద పడేలా చూడండి. తర్వాత ఎటు దొర్లిందో పట్టించుకోకండి, ఇంట్లో ఆ దొర్లుడుకు విలువ లేదు. క్లబ్ మార్చినా రుమాలు మీదే పడేలా చేయడం వస్తే, కోర్సు మీద ‘12 లెక్క’ అక్కరకొస్తుంది. బంతి ఎగిరే దూరానికి దొర్లాల్సిన దూరం ఎన్ని రెట్లో చూసి, ఆ అంకెను 12 లోంచి తీసేయాలి. మూడు రెట్లయితే 9 ఐరన్, నాలుగు రెట్లయితే 8 ఐరన్, రెండు రెట్లయితే పిచింగ్ వెడ్జ్, దాన్ని 10గా లెక్కేసుకుంటారు. సమతలంగా, మామూలు వేగంతో ఉన్న గ్రీన్‌కు ఇది బాగానే సరిపోతుంది. ఎగువకైతే ఒక క్లబ్ తక్కువ లాఫ్ట్ (క్లబ్ ముఖం వెనక్కి వాలిన కోణం) ఉన్నది, దిగువకైతే ఎక్కువ లాఫ్ట్‌ది.

ఇంట్లో ఇలా సాధన చేసేవాళ్లు ఆట రోజున పద్ధతి కొంచెం మార్చుకోవాలి. ప్రాక్టీసు గ్రీన్ మీదకు వెళ్లగానే మూడడుగుల పట్‌లతో మొదలుపెట్టడం చాలామందికి అలవాటు. దిశ సంగతి ఇంట్లో స్కేలు చూసుకుంది కాబట్టి, ఆ పది నిమిషాలూ ముప్పై నలభై అడుగుల పట్‌లకు ఇవ్వండి. హోల్‌కు గురిపెట్టకుండా గ్రీన్ అంచుకు కొట్టి బంతి అంచు దాటకుండా ఎంత దగ్గరగా ఆగుతుందో చూడండి. ఓసారి ఎగువకు, ఓసారి దిగువకు. నాలుగు చిప్‌లు కూడా మెత్తటి గడ్డి మీద నుంచే కొట్టాలి, అంచున ఎండిపోయి గట్టిపడ్డ చోట కాదు. అలాంటి చోట కొడితే మళ్లీ ఇంట్లో మ్యాట్ మీద కొట్టినట్టే ఉంటుంది.